సంజెపూట వస

కొడుక్కి రెండోసారి జ్వరం వచ్చిన రోజు సంతోషి అత్త చేతిలోంచి సానరాయి లాక్కుంది.

“ఇగ నువ్వు వస పొయ్యకత్తమ్మా. నీ చేతి వస పిలగానికి పడుతలేదు” అంది.

పోశమ్మ వేళ్లకు తడి వస అలాగే ఉంది. కోడలు అన్నది నమ్మలేనట్టు చూసింది.

నిజానికి ఆ మాట సంతోషి నోట పుట్టింది కాదు. పొద్దున ఫోన్లో తల్లి వినోద అన్నదే. నారాయణఖేడ్‌లో తల్లిగారింట్లో ఉన్న ఐదు నెలలూ పిల్లాడికి తుమ్ము కూడా రాలేదు. ఉయ్యాల తొట్టెలతో సహా మనూర్‌లోని అత్తగారింటికి వచ్చాడో లేదో, వరసగా రెండు జ్వరాలు. అక్కడ రోజూ సంజెపూట వినోదే మనవణ్ణి వంటింట్లోకి ఎత్తుకుపోయి, తలుపు దగ్గరగా వేసి, వసకొమ్ము అరగదీసి పాలలో రంగరించి పోసేది. ఇక్కడ ఆ పని పోశమ్మ చేస్తోంది. కొమ్మూ అదే, పాలూ అవే. మరి తేడా చేతిలో కాక ఇంకెక్కడుంటుంది?

పోశమ్మ వేళ్లు కొంగుకు తుడుచుకుంది. పిల్లాడు ఉచ్చ పోసినప్పుడల్లా గుక్కపట్టి ఏడుస్తున్నాడనీ, బట్టలు ఒకటే వాసనొస్తున్నాయనీ, జల్దీ దవాఖానకు తీసుకుపొమ్మనీ మాత్రం చెప్పింది. తప్పు తన మీద నుంచి దులుపుకోవడానికే ఇదంతా అనుకుంది సంతోషి. భర్త సుభాష్ ఆటో తెచ్చాడు. పోశమ్మ కూడా ఎక్కబోతే సంతోషి వద్దంది.

నారాయణఖేడ్ దవాఖాన మెట్ల దగ్గర, సంతోషి ఫోన్ చేస్తే వచ్చిన వినోద ఎదురుచూస్తోంది. మనవడి నుదురు ముట్టుకుని అదిరిపడింది. అయితే ఈ డాక్టర్ వద్దని, బీదర్ పోదామని పట్టుబట్టింది. పురుడు పోసిందీ, పుట్టిన పిల్లాణ్ణి చూసిందీ ఇక్కడే కదా, ఇప్పుడెందుకు వద్దని సుభాష్ అడిగితే సరైన జవాబు చెప్పలేదు. అతను వినిపించుకోకుండా పిల్లాణ్ణి లోపలికి తీసుకుపోయాడు.

మూత్రం పరీక్ష చేశారు. కడుపు స్కాన్ తీశారు. పిల్లల డాక్టర్ స్కాన్ చూసి సంతోషిని పిలిచాడు.

“మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది. ఎడమ కిడ్నీ వాపు మునుపటి కన్నా పెరిగింది. రోజూ సాయంత్రం వెయ్యమన్న చుక్కల మందు ఎప్పుడు ఆపారు?”

“ఏం మందు సార్?”

డాక్టర్ ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూశాడు. అక్కడ వినోద నిలబడి ఉంది.

“పుట్టిన మర్నాడే చెప్పాను. మీరు అప్పుడు ఆపరేషన్ అయి లేవలేని స్థితిలో ఉన్నారు. మీ అమ్మకు చెప్పాను. ఈ వాపు చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గుతుంది, తగ్గేదాకా ఇన్‌ఫెక్షన్ రాకుండా మందు మానొద్దని. నెలన్నరకు మళ్లీ స్కాన్‌కు తీసుకురమ్మన్నాను. ఎవరూ రాలేదు.”

సంతోషికి తల్లిగారింటి వంటిల్లు కళ్లముందు నిలిచింది. దగ్గరగా వేసిన తలుపు. ఎవరినీ రానివ్వని సంజెపూట.

“మందు వసల కలిపి పోసినవా?” అంది తల్లితో.

“బాలింతకు చెడ్డమాట చెప్తే పాలు ఇంకిపోతయి బిడ్డా” అంది వినోద. “పురిటి స్నానాలైనంక చెప్దామనుకున్న. గప్పటికి వాడు మంచిగున్నడు. మీ అత్తగారోళ్లకు తెలిస్తే లోపమున్నోన్ని కన్నదంటరు. నిన్నెట్ల చూస్తరో ఏమో.”

“మరి మందు నాతోని ఎందుకు పంపలే?”

“పంపితే ఏందని అడుగుతవు గద. తగ్గిందే అనుకున్న.”

“మొదటి జ్వరం వచ్చినప్పుడు కూడ తగ్గిందే అనుకున్నవా?”

వినోద కొంగు సర్దుకుంది.

“ఇయ్యాల పొద్దుగాల అత్తమ్మ చేతి వస అన్నవు. తెలిసే అన్నవు గదనే.”

  

పిల్లాణ్ణి చేర్చుకుని ఇంజెక్షన్లు ఇవ్వాలన్నాడు డాక్టర్. జ్వరం దిగాక హైదరాబాద్ తీసుకుపోయి ఆ కిడ్నీ ఎంతవరకు పనిచేస్తోందో పరీక్ష చేయించాలి. నిలుస్తుందా సార్ అని సుభాష్ అడిగితే, పరీక్ష అయ్యేదాకా ఏమీ చెప్పలేనన్నాడు.

నర్సు వచ్చి, వార్డులో తల్లితో పాటు ఇంకొక్క ఆడమనిషినే ఉండనిస్తామంది. వినోద వెంటనే సంచీ అందుకుని, పిల్లాడి కోసం చేతులు చాచింది. సంతోషి కొడుకును రెండో భుజం మీదికి మార్చుకుంది.

“అత్తమ్మను తోలుకరా” అంది భర్తతో.

“అన్ని మాటలన్నవు. వస్తదా?”

“నేనే రమ్మన్న అని చెప్పు. తప్పు నాదేనని నేనన్నట్టు చెప్పు. వస్తది.”

“నేనుండంగ ఆమె ఎందుకే?” అంది వినోద. “ఆమెకు ఇదంత చెప్తవా?”

“నేను చెప్ప. నువ్వే చెప్తవు. డాక్టర్ నీకేమేం చెప్పిండో మొత్తం, ఆమె ముందర.”

వినోద సంచీతో పాటు బయటి బల్ల మీద కూలబడింది. సంతోషి నర్సు వెంట లోపలికి నడిచింది. పిల్లాడి చిన్న చేతిలో నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. వాడి ఏడుపు బయటి దాకా వినబడుతూనే ఉంది. లోపలికి రమ్మని మాత్రం ఎవరూ వినోదను పిలవలేదు.