ఒకటో నంబరు బిళ్ళ

గవిదొడ్డికి రాయి పీకడానికి పంపిన ఇద్దరు మనుషులు సాయంత్రానికి ఆదోనికి తిరిగొచ్చారు. రాయి తేలేదు. తీసుకుపోయిన గడ్డపారలూ తేలేదు. తలనిండా, కనుబొమల మీద, చెవుల్లో తెల్లటి దూది నూగుతో వచ్చి ఎమ్మెల్యే ఆఫీసు వరండాలో నిలబడ్డారు.

దూది నూగు ఆదోనిలో వింతేమీ కాదు. జిన్నింగు మిల్లులోకి పడుచువాడు పోతే సాయంత్రానికి తలనెరిసిన తాత బయటికొస్తాడని ఊళ్లో వేళాకోళం. కానీ గవిదొడ్డిలో మిల్లు లేదు. ఉండవలసిందే, లేదు. ఆ సంగతి ఎమ్మెల్యే గోవిందన్న కంటే బాగా తెలిసినవాడు ఈ భూమ్మీద లేడు.

ఏమైందని పీఏ ఖలీల్ అడిగితే, ఇద్దరిలో పెద్దవాడు నేలచూపులు చూస్తూ, "జనం అడ్డం నిలబడుకోని ఉండారు సార్. తీయనీలేదు" అన్నాడు. గవిదొడ్డి అంతా సుగ్గికి పోయి నెల దాటిందే, అడ్డం నిలబడే జనం ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారని ఖలీల్ గద్దించాడు. వాడు చెవిలోని నూగు తీసుకున్నాడు. సుగ్గి అంటే ఆ మెట్ట పల్లెల్లో ఏటేటా వచ్చే వలస. సొంత చేలో పత్తి తీయడం అయిపోగానే ఇంటికి తాళమేసి, గుమ్మానికి కంప అడ్డంపెట్టి, మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కుకు పోతారు. మళ్లీ ఉగాదికి కానీ రారు.

లోపల కూర్చున్న గోవిందన్న ఇదంతా విన్నాడు. ఇంకో మూడు రోజులకు మంత్రి వస్తున్నాడు. గవిదొడ్డి పొలిమేరలో బట్టల పార్కుకు శంకుస్థాపన. ఆ సభ బాగా జరిగితే గోవిందన్నకు నాలుగోసారి టికెట్, జరగకపోతే ఇంట్లో కూర్చోవడమే. అయితే మంత్రి కొత్త రాయి వేయబోయే చోట గోవిందన్న వేసిన పాతరాయి ఒకటి తొమ్మిదేళ్లుగా ఎండకు ఎండుతోంది. రెండు రాళ్లూ ఒకే ఫోటోలో పడితే నవ్వులపాలే.

గోవిందన్న చెడ్డవాడని చెబితే కళ్లు పోతాయి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తూచే దడవాయి కొడుకు. హమాలీల మధ్య పెరిగి, హమాలీల ఓట్లతో పైకొచ్చి, మూడుసార్లు అసెంబ్లీకి పోయాడు. ఎమ్మిగనూరు రోడ్డు వెడల్పు చేయించాడు, యార్డులో రేకుల షెడ్లు వేయించాడు, ఏడు ఊళ్లకు నీళ్ల ట్యాంకులు కట్టించాడు. ఉన్న జబ్బల్లా ఒకటే. లేదు అనే మాట అతని నోట రాదు. కష్టమైన పని అడిగితే "చేద్దాం" అంటాడు, జరగనే జరగని పని అడిగితే "వచ్చే ఉగాదికల్లా" అంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మిన మనిషి.

తొమ్మిదేళ్ల కింద గవిదొడ్డిలో నూలు మిల్లుకు రాయి వేసిన రోజు ఆ నోరు మరీ మంచిదైపోయింది. జిన్నింగు మిల్లుల్లో పనివాళ్లకు నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇస్తారు. అది చూపిస్తేనే గేటులోకి రానిస్తారు. గోవిందన్న ఖలీల్ చేత అలాంటివి నలభై ఒకటి చేయించి, మిల్లు పునాది కూడా తవ్వకముందే ఊరివాళ్లు నలభైమందికి పంచేశాడు. మిగిలినదాన్ని మైకు ముందు ఎత్తి చూపించి, "ఒకటో నంబరు నాది. నేనొచ్చి నిలబడందే ఈ గేటు తెరవరు. మొదటి షిఫ్టుకు మీతోపాటు నేనూ లోపలికి పోతా" అన్నాడు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

మిల్లు మంజూరైంది కూడా. రెండేళ్లకు పైనుంచి కబురొచ్చింది, దాన్ని ఇంకో జిల్లాకు మారుస్తున్నామని, అభ్యంతరం లేదని రాసిస్తే గోవిందన్నను ఒక కార్పొరేషన్‌కు చైర్మన్‌ను చేస్తామని. ఖలీల్ ఉత్తరం టైపు చేశాడు, గోవిందన్న సంతకం పెట్టాడు. గవిదొడ్డికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. అక్కడివాళ్లు అడిగినప్పుడల్లా అతను వచ్చే ఉగాది అనేవాడు.

రాయి వేసిన మూడో ఏడు సుగ్గికి పోతున్న బండి ఒకటి దారిలో బోల్తాపడి గవిదొడ్డివాళ్లు పదకొండుమంది పోయారు. పదకొండుమంది దగ్గరా బిళ్ళలున్నాయి. సుగ్గికి పోయేటప్పుడు మగవాళ్లు మొలతాడుకు, ఆడవాళ్లు తాళిబొట్టు పక్కన ఆ బిళ్ళ కట్టుకుపోవడం ఊరి అలవాటైంది. ఊళ్లో పని కాచుకుని ఉంది, ఎంత దూరం పోయినా తిరిగొస్తామని ధైర్యం. వాటితోనే పూడ్చారు. గోవిందన్న వచ్చి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే.

రాయి తేలేక మనుషులు తిరిగొచ్చిన మర్నాడు గోవిందన్న ఖలీల్‌ను వెంటబెట్టుకుని తనే గవిదొడ్డికి బయలుదేరాడు. ఎమ్మిగనూరు రోడ్డు వదిలి మట్టిదారి పట్టేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఊళ్లో ప్రతి ఇంటికీ తాళం, ప్రతి గుమ్మానికీ కంప. కుక్క కూడా అరవలేదు. ఊరు దాటాక రాయి కనిపించింది. దాని పక్కన రెండు గడ్డపారలు పడున్నాయి. నాలుగు మేకలను కాచుకుంటూ ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఉచ్చీరమ్మ. ఆ బండి ప్రమాదంలో మొగుడు మారుతి, పద్దెనిమిదేళ్ల కూతురు గౌరి పోయాక ఆమె మళ్లీ సుగ్గికి పోలేదు.

గోవిందన్న కారు దిగి పలకరించాడు. ఆమె లేచి నిలబడింది. కోపం ఏమీ కనిపించలేదు. అదే అతనికి ఇబ్బందిగా తోచింది. చుట్టూ చేలో మోకాలెత్తు గడ్డి ఎండి నిలిచుంటే, రాయి ముందు మాత్రం వాకిలంత మేర గడ్డిపరక లేదు. మనుషులు రోజూ నిలబడి నిలబడి నున్నబడిన నేల అది. యార్డు గేటు ముందు నేల అలాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచి అతను చూసినదే.

"రాయి తీస్కపోప్పా, నేనేం వద్దనను. కాకుంటే వాళ్లకు ఒక మాట సెప్పి తీస్కపో" అంది ఉచ్చీరమ్మ.

ఎవరికని గోవిందన్న అడగబోయాడు. ఆమే చెప్పింది. రోజూ రెండు గంటలకు మిల్లు కూత వినిపిస్తుందట. పదకొండుమందీ వచ్చి నిలబడతారట. మొదట్లో భయపడింది, తర్వాత మొగుడి దగ్గు గుర్తుపట్టింది, కూతురి కాలిపట్టీల చప్పుడు గుర్తుపట్టింది. గేటు తెరుచుకోదు. ఒకటో నంబరు ఇంకా రాలేదని కాచుకుని, పొద్దుగూకితే పోతారు. ఆరేళ్లుగా ఇదే వరస.

"నేను సెప్తే వినరు. ఎమ్మెల్యే సెప్పినాడు కదా అంటారు. నువ్వే సెప్పు. మిల్లు లేదు, రాదు, పోయి పండుకోండని ఒక్క మాట సెప్పు. ఇంగ రారు." ఆమె రాయి ముందు నేలకేసి చూసింది. "నా బిడ్డ నిలబడలేక కాళ్లు మార్చుకుంటాంటాది అప్పా. సూడలేకుండా ఉండాను."

పిచ్చిదని ఖలీల్ చెవిలో అన్నాడు. గోవిందన్న కూడా అలాగే అనుకోవాలని చూశాడు. సరే, ఒక్క మాటేగా, ఉత్త పొలానికి చెప్పడమేగా, చెప్పి రాయి తీసుకుపోదామని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. గడియారం రెండు చూపించింది.

కూత వచ్చింది. భూమి లోపలినుంచి వచ్చినట్టు సన్నగా మొదలై, చెవులు మూసుకునేంత పెద్దదై ఆగింది. గోవిందన్న తిరిగి చూస్తే ఖలీల్ ఫోన్ చూసుకుంటున్నాడు, అతనికేమీ వినబడలేదు. మేకలు నాలుగూ పక్కకు జరిగి దారి ఇచ్చాయి. గాలి లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎక్కణ్ణుంచో తెల్లటి నూగు రాలుతోంది, అతని చొక్కా మీద, చేతుల మీద. పత్తిగింజల నూనె వాసన. ఎవరో దగ్గారు.

నంబర్లు పిలవమంది ఉచ్చీరమ్మ. ఆమె అందిస్తుంటే అతను పిలిచాడు. నాలుగు. రాయి మీద ఇత్తడి టంగుమని మోగింది. ఏడు, అంటే మారుతి. టంగుమంది. ఎనిమిది, గౌరి. ఈసారి చప్పుడు వెంటనే రాలేదు. అతని మోచేతి పక్కనుంచి ఏదో చల్లగా దాటిపోయాక వచ్చింది. ఉచ్చీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అలా పదకొండూ మోగాయి.

చెప్పాలి. మిల్లు లేదు. దాన్ని నేనే సంతకం పెట్టి ఇచ్చేశాను. మాటలు గొంతు దాకా వచ్చాయి. కానీ ముందున్నది జనం. కళ్లకు కనబడకపోయినా ముప్పై ఏళ్లుగా సభలు చూసినవాడికి ఆ నిశ్శబ్దం తెలుసు. నాయకుడు నోరు తెరిచేముందు ఆశగా ముందుకు వంగే జనం నిశ్శబ్దం అది. దాని ముందు లేదు అని అతను పుట్టి బుద్ధెరిగి అనలేదు.

"ఎల్లుండి దాకా కూడా ఎందుకు? రేపే" అన్నాడు గోవిందన్న. సభలో మాట్లాడే గొంతు దానంతటదే వచ్చేసింది. "రేపు రెండు గంటలకు గేటు తెరిపిస్తాను. ఒకటో నంబరు బిళ్ళతో నేనే వస్తాను."

ఇరవై రెండు చేతుల చప్పట్లు వినబడ్డాయి. ఎండుగడ్డి మీద వాన పడినట్టుంది.

చప్పట్లు ఆగాక ఉచ్చీరమ్మ అతని మొహంలోకి చూసింది. "లేదని సెప్పమంటి కదప్పా" అంది. "ఇంగ నేను సేయగలిగింది ఏమీ లేదు. వాళ్లు నీ మాట నమ్మినారు." మేకలను తోలుకుని వెనక్కి చూడకుండా పోయింది.

రాయి ఆ సాయంత్రమే ఏ ఇబ్బందీ లేకుండా ఊడొచ్చింది. దారిలో గోవిందన్న మనసు తేలికపడింది. రేపు అన్నానుగా, ఎల్లుండి సభ, మధ్యలో ఒక రోజు గడిచిపోతే మాటా గడిచిపోతుంది. ఎన్ని గడవలేదు? అయినా ఇంటికి పోగానే షీల్డులు, జ్ఞాపికలు పెట్టిన అద్దాల బీరువాలోంచి ఒకటో నంబరు బిళ్ళ తీసి, తుంగభద్ర కాలువలో పారేయమని ఖలీల్‌కిచ్చాడు. పారేశానని ఖలీల్ ఖురాన్ మీద ఒట్టేసి చెప్పాడు. అబద్ధమాడే మనిషి కాదు.

రాత్రి తొమ్మిదింటికి మంత్రి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎల్లుండి ఢిల్లీ ప్రయాణం పడింది కాబట్టి సభ ఒకరోజు ముందుకు జరిపారు. రేపే.

గోవిందన్న ఫోను పెట్టేసి మంచినీళ్లు అడిగాడు.

సభకు జనాన్ని ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి బస్సుల్లో తోలుకొచ్చారు. గవిదొడ్డి నుంచి వచ్చింది ఉచ్చీరమ్మ ఒక్కతే, చివర షామియానా గుంజ పక్కన నిలబడింది. పాతరాయిని ఎక్కడ పడేయాలో తెలియక వేదిక మెట్టు కింద బోర్లా వేశారు. దాని మీద కాలేసి గోవిందన్న పైకెక్కాడు. పదింటికి రావలసిన మంత్రి ఒకటిన్నరకు వచ్చాడు, కొబ్బరికాయ కొట్టాడు, మైకు అందుకున్నాడు. మూడువేల ఉద్యోగాలు అన్నాడు. గోవిందన్న లాంటి నాయకుడు ఉండటం మీ అదృష్టం అన్నాడు. టికెట్ ఖాయమని అందరూ అటే చూశారు.

గోవిందన్న చెమట తుడుచుకుందామని జేబులో చేయి పెట్టాడు. రుమాలు కింద చల్లగా, గుండ్రంగా తగిలింది. బయటికి తీశాడు. ఇత్తడి తడిగా ఉంది, అంచున కాలువ నాచు అంటుకుంది.

అప్పుడే కూత వచ్చింది.

మంత్రి మాట్లాడుతూనే ఉన్నాడు. బస్సుల్లో వచ్చిన జనం మజ్జిగ ప్యాకెట్లు పంచుకుంటున్నారు. ఉచ్చీరమ్మ మాత్రం రెండు చేతులూ జోడించి ఎదుటి పొలంలోకి చూస్తోంది. గోవిందన్న కుర్చీలో గట్టిగా కూర్చోవాలనే చూశాడు. చేతులు కుర్చీని పట్టుకున్నాయి కూడా. కాళ్లు లేచాయి. ఖలీల్ "ఎక్కడికన్నా?" అని అడిగితే చెబుదామనుకున్నాడు, నన్ను పట్టుకో, పోనీయొద్దు అని. నోట్లోంచి మాత్రం "ఇప్పుడే వస్తా" అనే వచ్చింది.

మెట్టు దిగాడు. కొత్తరాయి దాటాడు. ఎండుగడ్డి మధ్య, నిన్నటి దాకా ఏమీ లేనిచోట, నల్లటి ఇనుపగేటు నిలబడి ఉంది. దాని ముందు పదకొండుమందీ వరసగా ఉన్నారు, ఇప్పుడు మొహాలతో సహా. అందరి తలల మీదా తెల్లటి నూగు. వరసలో చివరనున్న గౌరి కాళ్లు మార్చుకోవడం ఆపి అతని వైపు తిరిగింది. తొమ్మిదేళ్ల కింద బిళ్ళ అందుకున్నప్పుడు నవ్విన నవ్వే నవ్వింది.

"వచ్చినాడు. నేను సెప్పలా, వస్తాడని" అంది తండ్రితో.

అతనికి మొదటి చోటు వదిలి అందరూ ఒక అడుగు వెనక్కి జరిగారు. గోవిందన్న బిళ్ళ చూపించాడు. గేటు తెరుచుకుంది. ముప్పై ఏళ్ల రాజకీయంలో చెప్పిన రోజున, చెప్పిన వేళకు అతను నిలబెట్టుకున్న మాట అదొక్కటే. వెనకనుంచి ఖలీల్ పిలుపులు, ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు దూరంగా వినిపించి, మరుక్షణం వినిపించలేదు. లోపల తెల్లగా ఉంది, వెచ్చగా ఉంది, ఊపిరి తీస్తే దూది. యంత్రాలు కదిలాయి. వెనక గేటు పడింది. షిఫ్టు ఎన్నింటికి దిగుతుందో ఎవరినీ అడగలేదన్న సంగతి గోవిందన్నకు అప్పుడు గుర్తొచ్చింది.