ఆపని ఎర్ర చుక్క

ఆడబిడ్డను పొగిడే వదిన ఏ ఇంట్లో ఉంటుంది చెప్పండి? నాకూ నోరు రాదు. కానీ ఆ శుక్రవారం సంగతి చెప్పాలంటే తృప్తిని పొగడక తప్పదు కాబట్టి, ఆ పనేదో ముందే కానిచ్చేస్తాను. అంత మొండిది సోలాపూర్ మొత్తం గాలించినా దొరకదు. అంత పనిమంతురాలు కూడా దొరకదు.

నీలం నగర్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నేనూ మా అత్త యల్లమ్మా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతాం. వెనక గదిలో మంచం మీద తృప్తి, ఆమె ఒళ్లో లాప్‌టాప్. గోడ అవతల టవళ్లు నేసే సాంచాలు పొద్దున మొదలుపెడితే ధడధడమంటూనే ఉంటాయి. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లకు మా మాటలు వినబడవు. మాకు ఆ చప్పుడు వినబడదు.

తృప్తి పనిచేసేది పుణెలోని ఒక కంపెనీకి. వాళ్లు తయారు చేసేది డీబగ్గర్ అనే పనిముట్టు. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ రాతలో తప్పు ఎక్కడుందో దాంతో వెతుక్కుంటారట. ఏదో ఒక వరుస పక్కన నొక్కితే అక్కడ ఎర్ర చుక్క పడుతుంది. దాన్ని బ్రేక్‌పాయింట్ అంటారు. పరుగెత్తుకొచ్చే ప్రోగ్రాం ఆ చుక్క దగ్గర టక్కున నిలబడిపోతుంది, పిల్లలు స్టాచ్యూ ఆట ఆడినట్టు. అప్పుడు దాని చేతిలో ఏముందో, జేబులో ఏముందో తీరిగ్గా చూసుకోవచ్చు. ఆ చుక్కలు నిజంగా ఆపుతున్నాయో లేదో పరీక్షించడమే మా తృప్తి ఉద్యోగం.

ఇదంతా ఆమె మొదటి రోజు ఓపిగ్గా చెప్తే, అత్త విని, చేతిలోని ఆకు చాటలో పడేసి, "అంటే నువ్వు చెకర్‌వైనవన్నట్టు" అంది. ఆ పూట కూతురితో మళ్లీ మాట్లాడలేదు.

చెకర్ అంటే మా కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునేవాడు. మేం కట్టలు తీసుకెళ్లి వాడి ముందు పెడతాం. వాడు కట్ట విప్పి, నచ్చనివి తీసి, నలిపి పక్కకు పడేస్తాడు. ఎందుకు పడేశాడో చెప్పడు. అడిగే అలవాటు మాకూ లేదు. చాలా ఏళ్ల కింద ఒకసారి అత్త తీసుకెళ్లిన బీడీలు సగానికి సగం అలా నలిగిపోయాయి. దారం వదులైందేమో అనుకుని, ఆ తర్వాత చాలా రోజులు దారం లాగి లాగి కట్టింది. వేళ్లు కోసుకుపోయాయి. తీరా తెలిసిందేమిటంటే దారంలో లోపం లేదు, వాళ్లిచ్చిన ఆకే పాడైంది. ఆ మాట ఆనాడే చెప్పి ఉంటే ఏం పోయేదని అత్త ఇప్పటికీ రగులుతూనే ఉంటుంది. అలాంటి మనిషి కడుపున ఒక చెకర్ పుట్టింది మరి.

ఇక తృప్తి పని తీరు చెప్పాలి. చుక్క పెట్టి, ఆగింది, బాగుంది అనుకుని వదిలేసే రకం కాదు. ఒక చుక్క పెడుతుంది, తీసేస్తుంది, మళ్లీ పెడుతుంది. ప్రోగ్రాం పరుగులో ఉండగా పెడుతుంది. ఫలానా అంకె వస్తేనే ఆగు అని షరతు పెట్టి, ఆ అంకె రాకుండా చేసి చూస్తుంది. ఒకసారి తొందరలో ఉన్నవాడిలా, ఒకసారి నిద్రమత్తులో ఉన్నవాడిలా, ఒకసారి చెప్పిన మాట వినని మొండిఘటంలా వాడుతుంది. మూడోదానికి ఆమె పెద్దగా కష్టపడక్కర్లేదనుకోండి. గదిలో ఉండేది ఒక్కతే, పని మొదలుపెడితే మాత్రం పదిమంది కూర్చుని ఆ పనిముట్టుతో కుస్తీ పడుతున్నట్టే ఉంటుంది.

ఆ వారం ఆమె చేతిలో ఉన్నది కొత్త రకం చుక్కలు. చేసినవాడు అనికేత్. వాడు పరాయివాడు కాదు. వాళ్లమ్మ రాజమ్మ మా గల్లీలోనే ఉండేది, అత్త పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. ఇప్పుడు వాళ్లు ఊరి బయట కుంభారి దగ్గర కొత్త కాలనీలో ఉంటున్నారు. వాడిదీ ఇంటినుంచి చేసే ఉద్యోగమే, కాకపోతే ఇంకా ఖాయం కాలేదు. ఈ చుక్కలు కంపెనీ కొత్తగా విడుదల చేసేదాంట్లో చేరితే ఖాయం చేస్తామన్నారట. చేర్చాలో వద్దో శుక్రవారం సాయంత్రం మీటింగులో తేలుతుంది. అక్కడ ముందుగా అడిగేది తృప్తినే. ఈ సంగతి మాకు తృప్తి చెప్పలేదు. రాజమ్మ బస్టాండులో కనబడినవాళ్లకల్లా చెప్పుకుంటే మా చెవిన పడింది.

శుక్రవారం పొద్దున్నే వెనక గదిలోంచి తృప్తి ఫోను మాటలు వినబడ్డాయి. చుక్క ఒకచోట ఆపడం లేదని ఆమె అంటోంది. నా దగ్గర బాగానే ఆపుతోందని వాడు అంటున్నాడు. కాసేపు వాదన నడిచాక, నీ లాప్‌టాప్ పట్టుకుని ఇక్కడికే రా, దాంట్లోనే చూద్దాం అని ఈమె ఫోను పెట్టేసింది.

వాడికంటే ముందు వాళ్లమ్మ దిగింది. బస్సు పట్టుకుని వచ్చిన రాజమ్మ చేతిసంచీలోంచి పల్లీలతో చేసిన శేంగా చట్నీ డబ్బా, కరకరలాడే కడక్ భాకరీ రొట్టెల పొట్లం తీసి తృప్తి మంచం మీద పెట్టింది. చూడగానే నాకు అర్థమైంది. కార్ఖానాలో ఆడవాళ్లు చెకర్‌ను మంచి చేసుకోవడానికి ఏదో ఒకటి తీసుకెళ్తారు, పండో, చట్నీయో. రాజమ్మకు తెలిసిన దారి అదే, పాపం. తృప్తికీ అర్థమైంది. ఆమె మొహం ఎర్రబడింది.

"నా చేతులల్ల పెరిగిన పిల్లవు నువ్వు. ఈ ఒక్కపారి పాస్ చెయ్యి బిడ్డా. తర్వాత వాడే మంచిగ చేసుకుంటడు" అంది రాజమ్మ.

మా అత్త ఊరుకుంటుందా? ఆమె ఎప్పుడూ చుట్టేవాళ్ల పక్షమే. పోరడి నోటికాడి కూడు లాక్కుంటావా అని కూతుర్ని నిలదీసింది. నేను కూడా ఓ మాట వేశాను. నాకు ఒళ్లు మండుతోంది మరి. అందరికీ ఆగేది ఈమె ఒక్కదానికే ఆగకపోతే ఈమె కళ్లలోనే ఏదో ఉందేమో అన్నాను.

తృప్తి నా మాట చెవిన వేసుకోలేదు. చట్నీ డబ్బా మూత తీసి, మధ్యలో పెట్టి, అందరం తిందాం కూర్చోమంది. తర్వాత రాజమ్మ వైపు తిరిగింది.

"అత్తా, ఈ చుక్కను రేపు ఎవరో నమ్ముతరు. ప్రోగ్రాం ఇక్కడ ఆగకపోతె, అది ఇటు దిక్కే రాలేదు అనుకుంటరు. తప్పు ఇక్కడనే ఉంటది. వాళ్లు మాత్రం ఊరంత వెతుకుతరు."

మా అత్త తన వేళ్లు చూసుకుంది.

అనికేత్ బండి వాకిట్లో ఆగింది. వచ్చినవాడు తల్లిని చూసి సిగ్గుపడ్డాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు, చివరికి మంచం అంచున కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. తృప్తి తను తయారు చేసి ఉంచిన చిన్న ప్రోగ్రాం వాడికి పంపింది. తప్పు ఆమెకు దొరికింది ఒక పెద్ద ప్రోగ్రాంలో. అందులో అక్కర్లేనిదంతా కోసి పారేసి, తెరమీద ఒక మూలకు సరిపోయే నాలుగు వరుసలు మిగిల్చింది. పొద్దున్నుంచీ ఆమె చేస్తున్నది అదే. ఇక ఆ తప్పుకు దాక్కోవడానికి చోటు లేదు.

మేం ముగ్గురం వెనక నిలబడి చూశాం. అనికేత్ చేతే చేయించింది. ఒక వరుసకు ఎర్ర చుక్క పెట్టమంది. పెట్టాడు. ప్రోగ్రాం వచ్చి ఆగింది. ఇప్పుడు అదే వరుసకు రెండో రకం చుక్క పెట్టమంది. అది ఒక్కసారి ఆపి, తనంతట తానే చెరిగిపోయే రకం.

"ఒకటే లైన్ మీద రెండూ ఎవరు పెడతరు తాయి?" అన్నాడు అనికేత్. ఇక్కడ అక్కను తాయి అనే పిలుస్తారు.

"తొందరల ఉన్నోడు పెడతడు. నేను పెట్టిన. నువ్వు గూడ పెట్టి చూడు."

పెట్టాడు. ప్రోగ్రాం మళ్లీ ఆగింది, ఒక్కసారి ఆపే చుక్క చెరిగిపోయింది. మొదటి చుక్క ఉన్నచోటే ఉంది, నిగనిగలాడుతూ. మళ్లీ పరుగెత్తించమంది తృప్తి. ఈసారి ప్రోగ్రాం ఆగలేదు. చుక్కను దాటుకుని చివరిదాకా వెళ్లిపోయింది.

అనికేత్ మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. మరోసారి చేయబోయి మానుకున్నాడు.

"చుక్క ఉన్నది గద బిడ్డా. మరి ఆగలే" అంది రాజమ్మ మెల్లగా.

వాడి మొహం చిన్నబోయింది. తల్లి అన్నందుకు కాదు. తను చేసిన చుక్క, నేనున్నాను అని చెప్తూ అబద్ధమాడుతుంటే చూడవలసి వచ్చినందుకు. ఆ క్షణంలో తృప్తి గెలిచినట్టు ఒక్క నవ్వు నవ్వినా నేను జన్మలో ఆమెను పొగిడి ఉండేదాన్ని కాదు. ఆమె నవ్వలేదు. వాడి పక్కకు జరిగి, తన అనుమానం చెప్పింది. రెండు చుక్కలకూ అడుగున ఉన్న గుర్తు ఒకటేనేమో, ఒక్కసారిది పోతూ పోతూ దాన్ని తుడిచేస్తోందేమో చూడమంది. వాడు తన రాతలోకి వెళ్లి చూశాడు. చాలాసేపు చూశాడు. తుడిచేముందు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా అని అడగడం మర్చిపోయాను తాయీ అన్నాడు.

మధ్యాహ్నమంతా వాడు సాంచాల గోడకు వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. సరిచేసి ఇస్తాడు, తృప్తి పరీక్షిస్తుంది. మొదటి చుక్క బాగుపడింది, కానీ ఒక్కసారి ఆపే చుక్క చెరగడం మానేసింది. మళ్లీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఏం పెట్టాలి, ఏం నొక్కాలి, ఏం కావాలి, ఏం అయింది అంతా విడమర్చి చెప్పింది. తన రాత మీద వాడికే కోపం వచ్చినప్పుడు భాకరీ ముక్క విరిచి చేతిలో పెట్టింది. మా అత్త ఆ రోజు చుట్టిన బీడీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాట ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని కూతురినే చూస్తోంది.

మీటింగు వేళకు పని సగంలోనే ఉంది. లాప్‌టాప్‌లోంచి పుణె సారు మరాఠీలో అడిగాడు, కొత్త చుక్కలు చేర్చుకోవచ్చా అని. మేం ముగ్గురం గుమ్మం దగ్గరికి చేరాం. రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈ రోజు వద్దు అంది తృప్తి. తప్పు దొరికిందని, కారణం తెలిసిందని, సోమవారం మళ్లీ చూసి చెప్తానని అంది. సారు విసుక్కున్నాడు. అలా ఒకే వరుసకు రెండు చుక్కలు పెట్టేవాడు ఎవడుంటాడు, పోనీలే చేర్చేద్దాం అన్నాడు. తృప్తి నోరు తెరిచేలోపు అనికేత్ లేచి వచ్చి, ఆమె భుజం మీదుగా తెరముందుకు వంగాడు. వాణ్ణి ఎవరూ మాట్లాడమనలేదు.

"సర్, మీ బఘిత్లం. నేనే నా కండ్లతోని చూసిన" అని, రెండు భాషలు కలిసిపోయిన సంగతి చూసుకుని, మిగతాది మరాఠీలో పూర్తిచేశాడు. తప్పు తనదేనని, దీన్ని ఈ రోజు తీసుకోవద్దని.

మాకు మొదటిసారి సాంచాల మోత వినబడింది. సరే, సోమవారం, అన్నాడు సారు.

సోమవారం తృప్తి ఆ చుక్కలను పదిమంది అయి పీడించింది. ఒక్కటీ అబద్ధమాడలేదు. చేర్చుకోవచ్చు అని పుణె సారుకు చెప్పింది. అనికేత్ ఉద్యోగం ఆ తర్వాత ఖాయమైంది. రాజమ్మ పేడా మిఠాయిలు పట్టుకుని వచ్చింది. ఈసారి తృప్తి మొహం ఎర్రబడలేదు, నా వంతు కూడా తనే తినేసింది.

కథ ఇక్కడితో అయిపోతే నేను చెప్పేదాన్ని కాదు. ఆ వారమే నేనూ అత్తా బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లాం. లైను పెద్దగా ఉంది. అత్త వంతు వచ్చింది. చెకర్ ఎప్పటిలాగే కట్ట విప్పాడు, కొన్ని ఏరాడు, నలపడానికి గుప్పిట పట్టాడు. అత్త తన చెయ్యి చాపి ఆ గుప్పిట మీద పెట్టింది. ఆమె అక్కడ నోరు తెరవడం నేనెన్నడూ చూడలేదు.

"జర ఆగు. ఎందుకు తీసినవు? తప్పేందో చూపెట్టు."

వాడు ఆమెను ఎగాదిగా చూశాడు. వెనక ఆడవాళ్లున్నారు, ఆలస్యమవుతోంది అన్నాడు. వెనక ఎవరూ తొందర పెట్టలేదు. అత్త చెయ్యి తీయలేదు. చివరికి వాడు గుప్పిట విప్పి, ఒక బీడీ తీసుకుని, వెలుతురుకు పట్టి, తిప్పి చూశాడు. మూతి సరిగ్గా మడవలేదన్నాడు. అత్త కూడా దగ్గరికి తీసుకుని చూసింది.

"బరోబర్" అని, దాన్ని తనే పక్కన పెట్టింది. "మరి ఇది?"

వాడు రెండోది పట్టుకుని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏమీ అనకుండా మంచివాటిలో వేశాడు. మిగతావాటిని కూడా ఒక్కొక్కటిగా చూడడం మొదలుపెట్టాడు.

అత్త తర్వాత వంతు నాది. నేను కట్టలు వాడి ముందు పెట్టి, చెయ్యి వాటి మీదే ఉంచాను.