పక్కచూపు

ఆరేసిన చొక్కా మీద మళ్ళీ ఎర్రటి దుమ్ము. రేవులో ఓడలకి ఇనుప ఖనిజం ఎత్తే రోజున వన్ టౌన్ దండేల మీద ఏ బట్టకీ ఆ రంగు తప్పదు. చిలకమ్మ మొగుడి తెల్లచొక్కాని తీసి తిరిగి బకెట్లో ముంచింది. సాయంత్రం బాస్కెట్‌బాల్ ఫైనల్. ఆడేది తను. ఇస్త్రీ చొక్కా కావలసింది గురునాథరావుకి. ముందువరస కుర్చీలో కూర్చునే మనిషి మరి.

"నేటితో ఆ గెంతులు ఆకరు గదేటి? పులుసెట్టేసి మరెల్లు," వంటింట్లోంచి అత్త తవిటమ్మ గుర్తు చేసింది.

ఆఖరే. ఆ మాట చిలకమ్మ ఎవరికీ ఇవ్వలేదు, ఆమె తరఫున మొగుడే ఇచ్చేశాడు. పోర్టు ఆఫీసు స్పోర్ట్స్ సెక్రటరీ శ్రీరామ్మూర్తిగారు రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి ఆమె పేరు పంపుతానంటూ స్వయంగా ఇంటికొచ్చారు. ఆమె టీ కాచి తెచ్చేసరికి ముందు గదిలో అంతా తేలిపోయింది. ఫైనల్ అయ్యాక మా ఆవిడ ఆట మానేస్తుందండి, ఇంట్లో ఇబ్బందవుతోంది అని గురునాథరావు అన్నాడు. ఆయన అయ్యో అన్నారు. ఆమె కప్పులు పట్టుకుని అక్కడే నిలబడింది. ఇద్దరూ టీ బాగుందన్నారు.

సబ్బవరం దగ్గర పొలంలో గడ్డిమోపుల్ని వాము మీదికి విసిరి విసిరి పదునెక్కిన చేతులు ఆమెవి. ఆ చేతులు బంతి విసిరే తీరు చూసే పోర్టులో ఆటల కోటా ఉద్యోగమిచ్చారు. అదే సెక్షన్లో పెద్ద గుమాస్తా గురునాథరావు ఆ ఆటని చూసే పెళ్ళాడాడు. పెళ్ళయ్యాక మొదటి మ్యాచ్‌లో ఆమె బంతిని నడుం వెనక నుంచి తిప్పి పాసిస్తే జనం ఈలలు వేశారు. ఇంటికొచ్చాక ఆయన మెల్లిగానే చెప్పాడు, "ఆడు, వద్దన్నానా? స్టైలు కొట్టకు." ఆ తర్వాత ఒకసారి, ఆ నవ్వేటన్నాడు. ఇంకోసారి, చేతులలా ఎత్తెయ్యడమేటన్నాడు. చెయ్యి చేసుకునే మనిషి కాదు. కనుబొమ్మ ఎత్తితే చాలు. గోళ్ళు తీసినట్టు కొంచెం కొంచెంగా ఆమె ఆటంతా కత్తిరించేశాడు. ఎక్కడా నొప్పి తెలియలేదు.

తెలిసింది కిందటి వారమే, లీగ్ మ్యాచ్‌లో రైల్వే జట్టు కెప్టెన్ మహబూబున్నీసాని చూశాక. పాతూళ్ళో అత్తరు కొట్టు ఖాదర్ కూతురు. చీలమండల దాకా నల్లపంట్లాం, జుట్టుకి ఎర్ర రుమాలు, కళ్ళకి సుర్మా. సర్కసొచ్చిందిరా అని ఎవడో అరిస్తే ఆ వేపు తిరిగి చక్కగా నవ్వింది. మరుక్షణం అటు మూల నుంచే బంతిని రింగులో వేసింది. గురి తప్పినా తల దించదు. పొరపాటు రింగుదే అన్నట్టు దానికేసి చూసి, చప్పట్లు చరుచుకుంటూ వెనక్కి పరిగెడుతుంది. చిలకమ్మ ఆడటం మరిచిపోయి చూసింది. ఒక ఆడమనిషి తన ఒంట్లో తను సొంతింట్లో ఉన్నట్టు ఉండొచ్చా? మరి తనేమిటి, తన ఒంట్లో అద్దెకున్నట్టు ఇంత ఒదిగి ఉంటోంది?

ఆ రోజు తను ఎత్తిన ప్రతి బంతినీ నిసా గాలిలోనే కొట్టేసింది. మ్యాచయ్యాక కొళాయి దగ్గర పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, ఒక మాట సెప్తాను, కోపగించుకోకు. బాలెయ్యబోయే ముందు నువ్వు ఆ తెల్లసొక్కాయన కేసి సూత్తావు. పర్మిషనడిగినట్టు. నీ మెడ తిరిగిందంటే నాను గెంతుతాను. అంతే."

చిలకమ్మకి చెంపలు మండాయి. "ఫైనల్లో మల్లీ మీతోనే గదా. నాకెందుకు సెప్పేవు?"

"సగం మడిసి మీద గెలిత్తే మజా ఏటుంది?" రుమాలు బిగించి కట్టుకుంటూ వెళ్ళిపోయింది నిసా.

వారమంతా చిలకమ్మ తన మెడని తనే కాపలా కాసింది. కూరలో ఉప్పు వేసే ముందు తిరుగుతోంది. పక్కింటావిడ జోకుకి నవ్వే ముందు తిరుగుతోంది. ఆయన ఇంట్లో లేనప్పుడు ఖాళీ కుర్చీ వేపు కూడా తిరుగుతోంది. అన్నేళ్ళుగా తన ఒంట్లో ఇంత జరుగుతుంటే తనకి తెలియనిది, ఆ పిల్ల ఒక్క ఆటలో చదివేసింది. అవమానం కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది చిలకమ్మకి.

సాయంత్రం కోర్టులో దిగేముందు చూడకూడదని గట్టిగా అనుకుంది. మొదటి బంతికే మెడ తిరిగింది. నిసా చెయ్యి అడ్డొచ్చింది. రెండోసారీ అంతే. పళ్ళు బిగించినా అంతే. విశ్రాంతి వేళ గురునాథరావు ఆమెని దగ్గరికి పిలిచి, జట్టులో పిల్లల్ని కేకేసేటప్పుడు గొంతు తగ్గించమన్నాడు. సరేనని తలూపింది. ఆ తల ఊపుతుండగానే తట్టింది. ఇది ఎలాగూ తిరిగే మెడ. ఆపడమెందుకు?

ఆట చివరికొచ్చింది. పోర్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి చిలకమ్మ చేతికొచ్చింది. ఎదురుగా నిసా, సుర్మా కళ్ళు ఆమె మెడ మీదే. చిలకమ్మ బంతిని పైకెత్తి నింపాదిగా పక్కకి తిరిగి తెల్లచొక్కా కేసి చూసింది. కనుబొమ్మ లేచే ఉంది. కాలరు మీద ఎర్రదుమ్ము కూడా కనిపించింది.

నిసా గెంతింది.

బంతి చెయ్యి వదల్లేదు. ఎర్ర రుమాలు ఇంకా గాలిలో ఉండగానే చిలకమ్మ బంతిని కిందికి దించి, నడుం వెనక నుంచి కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి తిప్పి, ఒక్క ఉరుకులో రింగు కిందికి చేరింది. గడ్డిమోపు ఎత్తినట్టు ఎత్తింది. వల కదిలింది. ఆట ముగిసినట్టు ఈల మోగింది.

జనం ఏమరిచారో ఆమెకి వినపడలేదు. నేల మీద చతికిలపడ్డ నిసా మొదట నోరు తెరిచింది, ఆ వెంటనే పకపకా నవ్వింది. "అల్లా! ఇంత ఆట ఎక్కడ దాసేవక్కా?" అంది. ఆ కళ్ళు తనని చూస్తున్న తీరు చిలకమ్మకి తెలుసు. వారం కిందట తను ఆ పిల్లని చూసిన చూపే అది.

కుర్చీల దగ్గర గురునాథరావు అప్పటికే సెక్రటరీగారికి వివరిస్తున్నాడు. ఆఖర్న మా ఆవిడ నాకేసి చూసింది సార్, నేనే కళ్ళతో సైగ చేశాను, అంటున్నాడు. శ్రీరామ్మూర్తిగారు అలవాటుగా ఆయన్నే అడిగారు, శిబిరం సంగతి మరోసారి ఆలోచిస్తారా అని.

"ఎల్తానండి. పేరు పంపించండి," అంది చిలకమ్మ, సెక్రటరీగారినే చూస్తూ.

గురునాథరావు గొంతు తగ్గించాడు. "నాకేసి సూడకుండానే సెప్పేత్తావేటి? ఇందాక సూసేవు గదా."

చిలకమ్మ బంతికంటిన ఎర్రదుమ్ము అరచేత్తో తుడిచింది.

"సూసింది మీ వేపండి. మిమ్మల్ని కాదు."