మినారు పక్కన గాటు

నాణేన్ని కంటితో చూడకుండా ధర కట్టడంలో జనగామలో నన్ను మించినవాడు లేడని నేనే చెప్పుకు తిరిగేవాణ్ణి. ఇంకెవరూ చెప్పేవాళ్లు కాదు. ఆ వ్యాపారం చేసేది ఊళ్లో నేనొక్కణ్ణే మరి. మా బాపు వెండి కొట్టు పెట్టినవాడు. ఆయన రూపాయిని బండ మీద మోగించి, చెవిలో ఆ మోత ఆగేదాకా విని, గోరుతో అంచు తడిమి గానీ ధర చెప్పేవాడు కాదు. నాకంత ఓపిక లేదు. పాత రూపాయిల్లో బాగున్న వాటిని బొంబాయి పంపితే, అక్కడొక కంపెనీ వాళ్లు పరీక్షించి, డెబ్బైకి ఇన్ని మార్కులని లేబుల్ వేసి, అద్దంలాంటి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, ఒక నంబరిచ్చి పంపేవాళ్లు. ఆ తర్వాత నాణెం ముఖం ఎవడికీ అక్కర్లేదు. ఫోన్లో మార్కులు చెబితే నాగపూర్ వ్యాపారి బేరం ఖాయం చేసేవాడు. డబ్బా చేతికొచ్చాక గునిసి తిప్పి పంపడం మాలో లేదు. మాటంటే మాటే.

"పిల్లను జూడకుండ లగ్గం జేసుకున్నట్టున్నది నీ యాపారం" అనేది మా ఇంటామె వనమాల.

"మన లగ్గం గట్లనే గదా అయింది. ఏమాయె?" అనేవాణ్ణి.

"ఏమైందో నాకెరుక" అని మూతి తిప్పుకొని వంటింట్లోకి పోయేది.

2011లో సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు. చౌరస్తాలో టెంటు కింద రోజుకో ఆఫీసువాళ్లు దీక్షకు కూర్చునేవాళ్లు. నేను సగం షట్టరు దించుకొని కొట్లో కూర్చున్నాను. ఒక లంబాడీ ఆమె షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చింది. నలభై అయిదేళ్లుంటాయేమో, ముఖం మాత్రం అరవై దాటినట్టుంది. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

"సేటు, నాది పెద్దవంగర కాడి తండా. పేరు చాందీ. మా ఛోరా సురేందర్ నీ కాడ రూపాయి అమ్మిండంట. గది నాకియ్యి" అంది.

ఛోరా అంటే వాళ్ల భాషలో పిల్లవాడు. సురేందర్ పేరు వినగానే నాకు తెలిసింది. ఇక్కడి డిగ్రీ కాలేజీలో చదివేవాడు. కిందటేడు జనవరిలో హైదరాబాదులో విద్యార్థుల సభ జరిగితే జనగామ పిల్లలు డీసీఎం వ్యాను మాట్లాడుకొని పోయారు. తిరిగొస్తుంటే పెంబర్తి దగ్గర మూలమలుపులో వ్యాను బోల్తా పడింది. పదిమందికి దెబ్బలు తగిలాయి. ప్రాణం మాత్రం అతనొక్కడిదే పోయింది.

"యాక్సిడెంట్ల రూపాయి పోయిందనుకున్న సేటు" అంది చాందీ. "దవాఖానల ఆని బట్టలిచ్చిండ్రు, చెప్పులిచ్చిండ్రు. రూపాయి లేదు. పుట్టినప్పుడు మొలతాడుకు గట్టిన రూపాయి. పెద్దగైనంక జేబుల పెట్టుకునేటోడు. గా మలుపుకాడ్నే పడ్డదనుకొని ప్రతి అమాస్యకు వచ్చి ఎతుకుతున్న. మొన్న ఆని దోస్తు కుమార్ నన్ను ఆడ జూసి ఏడ్సిండు. ఎతకకు అవ్వా, డీజిల్ల ఆని వంతు కోసం గది సుదర్శన్ సేటుకు అమ్మిండు అని జెప్పిండు."

ఆ మలుపులో కట్టె పట్టుకొని కంకర కెలుకుతున్న మనిషిని నేనూ రెండు మూడుసార్లు బండి మీద పోతూ చూశాను. ఇనుప ముక్కలు ఏరుకునే ఆమె అనుకున్నాను.

సురేందర్ వచ్చిన రోజు గుర్తుంది. అంటే, నాకు గుర్తున్నది నాగపూర్ బేరం. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, రూపాయిని కాటాలో వేసి, వెండి ధర ఇచ్చేసి, ఇత్తడి గిన్నెలో పడేశాను. ఆ పిల్లవాడు కాసేపు గిన్నె వైపే చూస్తూ నిలబడి, "జర మంచిగ పెట్టు సేటు, మల్ల ఇడిపించుకుంట" అన్నాడు. నేను సరే సరే అని చెయ్యి ఊపాను.

ఆ వారం నేను బొంబాయి పంపిన చార్మినార్ రూపాయి ఒక్కటే. నైజాం కాలపుది, ఒక పక్క చార్మినార్ బొమ్మ ఉంటుంది. అరవై రెండు మార్కులొచ్చాయి. కాబట్టి అదే సురేందర్‌ది అనుకున్నాను. అది అమ్మి ఏడాదిన్నర అయింది.

"తెచ్చిస్తనమ్మా. నంబరున్నది, యాడున్నా దొరుకుతది" అన్నాను. గొప్పగానే అన్నాను.

వారం రోజులు ఫోన్లు చేశాను. నాగపూర్ వాడు ఇండోర్‌కు అమ్మానన్నాడు, ఇండోర్ వాడు విజయవాడకు. ఎవణ్ణడిగినా "అరవై రెండు" అంటాడు తప్ప నాణెం ఎట్లా ఉందో ఒక్కడూ చెప్పలేదు. విజయవాడ వాడు కాసేపు వెతికి, "అది మీ జిల్లాకే వచ్చిందండీ, భూపాలపల్లిలో ఉమేష్ గారని" అన్నాడు. ఊరంతా తిరిగి ఇంటి ముందుకే వచ్చినట్టయింది.

బస్సుల్లేవు కాబట్టి బండి మీదే పోయాను. పరకాల దాటేసరికి మూడు చోట్ల రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు. రెండు చోట్ల నా చేత ఉప్మా తినిపించి, జై తెలంగాణ అనిపించి గానీ వదల్లేదు. ఉమేష్ బొగ్గు బావిలో క్లర్కు, సమ్మె కదా, ఇంట్లోనే ఉన్నాడు. అమ్మనన్నాడు. నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచి డబ్బాలు రెండు బదులుగా ఇస్తానన్నాను. మార్కులెన్నని అడిగాడు, చెప్పాను. తెరిచి చూడకుండానే ఒప్పుకున్నాడు. నేను కూడా అతనిచ్చిన డబ్బా మీద నంబరొక్కటే సరిచూసుకొని జేబులో వేసుకున్నాను.

తిరుగు దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, చాందీ రాయించిపోయిన నంబరు చూసి కుమార్‌కు ఫోన్ చేశాను. "దొరికింది బిడ్డా, అవ్వకు జెప్పు" అన్నాను.

అతను ఫోన్లోనే ఏడ్చాడు. తర్వాత, "గాటు అట్లనే ఉన్నదా అన్నా?" అన్నాడు.

"ఏం గాటు?"

"మినారు పక్కపొంటి. ఆడు పుట్టినప్పుడు ఆని బాపు అమర్‌సింగ్ మొలతాడుకు గుచ్చనీకి మేకుతోని పొక్క కొట్టబోయిండంట. మేకు జారింది, పసిపోరడు ఉలిక్కిపడి ఏడ్సిండు. ఇగ వద్దని గుడ్డల మూటగట్టి కట్టిండు. సురేందర్‌గాడు ఎప్పుడు జూసినా గా గాటునే బొటనేలుతోని రుద్దుకుంట ఉండేటోడు. పరీక్ష రాసేటప్పుడు గూడ."

డబ్బా తీసి మొదటిసారి లోపలికి చూశాను. చార్మినార్ నాలుగు మినార్లూ నిన్న ముద్ర కొట్టినంత పదునుగా ఉన్నాయి. గీత లేదు, అరుగుదల లేదు. అప్పుడు గుర్తొచ్చింది. అదే వారం బచ్చన్నపేట రైతొకాయన పాత గోడ కూల్చితే దొరికిందని ఒక చార్మినార్ రూపాయి తెచ్చాడు. ఇది అదే.

పదెనిమిదేళ్లు ఒంటి మీద అరిగిన రూపాయికి అరవై రెండు మార్కులెట్లా వస్తాయి? గాటు పడ్డ నాణేనికి నంబరెవడిస్తాడు? వ్యాపారం కొత్తగా మొదలుపెట్టిన వాడికి కూడా తెలిసే సంగతి. నా కొట్లో పద్ధతేమిటంటే, ప్రతి శనివారం గిన్నె బోర్లించి, శుభ్రంగా ఉన్నవి బొంబాయికి, గాటు పడ్డవి, చిల్లు పడ్డవి కరిగించడానికి ఔసలి కొలిమికి. పిల్లవాడు మంచిగ పెట్టమన్న రూపాయి వారం తిరక్కుండానే మూసలో కరిగిపోయింది. టీ తాగలేకపోయాను. గ్లాసు పక్కన పెట్టి బండెక్కాను.

నిజం చెప్పాలి. చెప్పే ధైర్యం నాకు లేదు. మర్నాడు మధ్యాహ్నం షట్టరు పూర్తిగా దించి సుత్తితో డబ్బా పగలగొట్టాను. మా వ్యాపారంలో డబ్బా పగలగొట్టడమంటే పాలకుండ నేలకేసి కొట్టడమే. రూపాయిని ఇటుకపొడితో తోమాను, గోనెపట్టా మీద రుద్దాను. మినార్ల పదును పోయింది. మేకు తీసుకొని ఎడమ మినారు పక్కన ఆనించి సుత్తితో ఒక్కటి వేశాను. మేకు నిజంగానే జారింది. మంచి గాటే పడింది. బూడిద రాసి పాతబరిచాను. ఇంట్లోకి పోయే తలుపు దగ్గర నిలబడి చూసిన వనమాల, నేల మీది ప్లాస్టిక్ ముక్కలు ఊడ్చుకుపోయింది.

తండాలో చాందీ ఇంటి ముందు పత్తి ఆరబోసి ఉంది. అమర్‌సింగ్ మంచం వాల్చి నన్ను కూర్చోమన్నాడు. చాందీ చేతులు పావడకు తుడుచుకొని అరచెయ్యి చాపింది. రూపాయి పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు. పిడికిలి బిగించి, కళ్లు పత్తి మీద నిలిపి, లోపల బొటనవేలు కదిలించింది. వేలు మినారు పక్కకు పోయి ఆగింది. ముఖం వెలిగింది. బతికిపోయాననుకున్నాను.

వేలు ఇంకోసారి కదిలింది. మళ్లీ ఇంకోసారి. వెలుగు పోయింది.

"గిది కొరుకుతున్నది సేటు" అంది మెల్లగా. "మా ఛోరా రుద్ది రుద్ది గాటు నున్నగైంది. పెదిమె లెక్క ఉంటుండె. గిది ఎవలు గొట్టిండ్రు?"

అమర్‌సింగ్ నా ముఖంలోకి చూశాడు. ఎన్నో బేరాల్లో ఎన్నో అబద్ధాలాడిన నోరు నాది. ఆ పూట ఒక్క అబద్ధమూ రాలేదు.

"నేనే గొట్టిన అక్కా" అన్నాను. "నీ కొడుకుది నేను సూడక గరగబెట్టిచ్చిన. ఎప్పుడో పోయింది. తప్పయింది." ఆ మాట చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. బాపు పోయినప్పుడు కూడా నేనట్లా ఏడవలేదు.

ఆమె తిట్టలేదు. "కరిగి ఏమైంది?" అంది.

"పట్టీలో మెట్టెలో అయ్యుంటది. ఎవలు కొన్నరో ఎరుకలేదు."

ఆమె తలూపింది. రూపాయిని నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది. పక్కనే ఒక పత్తికాయ తీసుకొని ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి చేతులు ఆగిపోయాయి.

"ఎల్లుండి అమాస్య" అంది. "గా మలుపుకాడికి పోతే ఇంకా ఏదో దొరికేదున్నట్టు ఉంటుండె సేటు. ఇప్పుడు నేను యాడికి పోవాలె?"

అమర్‌సింగ్ లేచి ఇంటి వెనక్కి పోయాడు. నేను మంచం దిగి, ఆమె పక్కన కూర్చొని ఒక పత్తికాయ తీసుకున్నాను.