అడుగున గీసిన అష్టాచెమ్మా

నేను ఒక ఇత్తడి బిందెను. నా మెడ కింద ఒక పేరు చెక్కి ఉంది. అది ఎవరి పేరన్న విషయంలో కొమ్మరపాడు ఊరు ఊరంతా డెబ్బై ఏళ్లు పొరబడింది. నిజం నాకు మొదటి నుంచీ తెలుసు. కానీ ఏం లాభం? నాకు నోరు పెద్దదే గానీ మాట లేదు.

నేను పుట్టింది అజ్జరంలో. నిప్పుల్లో కాల్చి, సుత్తితో కొట్టి కొట్టి నాకు పొట్ట తెప్పించారు. మా ఊళ్లో బిందెలన్నిటికీ దెబ్బలు తిన్నాకే గుండ్రదనం వస్తుంది. కొట్లో నన్ను మల్లవరపులంక నుంచి వచ్చిన ఒకావిడ చూసింది. ముందు వేలితో నా అంచు మీద మీటింది. నేను ఖంగుమన్నాను. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"దీనిమీద మా పిల్ల పేరు కొట్టు నాయనా. రేవులో పది బిందెల మధ్య ఉన్నా తన బిందె తనకి తెలియాలి" అంది.

ఆ కొట్టతను చిన్న ఉలి పెట్టి, చుక్క పక్కన చుక్క పేర్చుకుంటూ 'మంగతాయారు' అని చెక్కాడు. చక్కిలిగింత పెట్టినట్టుంది. ఆ రోజు నుంచి నేను మంగతాయారు బిందెను.

మంగతాయారుకి అప్పుడు పదహారేళ్లు. మూడో తరగతి వరకు చదివింది. చెల్లెలు బుల్లెమ్మాయికి ఎనిమిదేళ్లు. అక్క అత్తారింటికి వెళ్లే ముందు రోజు మధ్యాహ్నం, పెద్దవాళ్లందరూ సారె సర్దుతుంటే, బుల్లెమ్మాయి నన్ను వసారాలో బోర్లించి మేకుతో నా అడుగున ఏదో గీయడం మొదలుపెట్టింది. అక్క చూసి కెవ్వుమంది.

"ఓసి నీ దుంపతెగ, కొత్త బిందెనే!"

"అష్టాచెమ్మా గీస్తున్నానే. అక్కడ నీతో ఆడేవాళ్లు ఉంటారో లేదో" అంది చెల్లెలు.

తిట్టబోయిన మంగతాయారు తిట్టలేదు. మేకు తాను తీసుకుని వంకరపోయిన గళ్లను సరిచేసింది. అడ్డం అయిదు, నిలువు అయిదు. నడిమి గడిలో చింతగింజంత చుక్క ఒకటి పెట్టింది. అది పండిన కాయ అట.

ఇంక కొమ్మరపాడులో ఏం జరిగిందో చెబుతాను. పెళ్లివారింట్లో అడుగు పెట్టగానే ఒక చిక్కు వచ్చింది. అత్తగారి పేరు కూడా మంగతాయారే. పెళ్లి మాటలప్పుడు అందరూ "అబ్బ, ఎంత కలిసొచ్చింది!" అని మురిసిపోయారు. తీరా పిల్ల గుమ్మంలోకొచ్చాక, ఆ ఇంటి పెద్ద ముసలమ్మకి అనుమానం వచ్చింది.

"ఒకే ఇంట్లో ఇద్దరు మంగతాయార్లు ఏవిటే? రేపు ఈ పిల్లని 'ఒసే మంగతాయారూ' అని కేకేస్తే నా కోడలికి కోపం రాదూ? ఇంటికి లక్ష్మి వచ్చింది. లక్ష్మీ అనే పిలుద్దాం" అంది.

అందరూ బాగుందన్నారు. పిల్లని ఎవరూ అడగలేదు. కుడికాలు లోపల, ఎడమకాలు బయట ఉండగానే పేరు మారిపోయింది.

కాసేపటికి సారె విప్పారు. పక్కింటావిడ నన్ను చేతిలోకి తీసుకుని నా మీది అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివింది. అత్తగారు ఒక్క ఉదుటున లేచి వచ్చారు.

"నా పేరే! చూశారా, మా వియ్యపురాలు అత్తగారి లాంఛనానికి నా పేరు కొట్టించి మరీ పంపింది! ఇంత మర్యాద తెలిసిన మనిషిని నేను చూళ్లేదమ్మా."

ఆవిడ సంతోషం చూస్తే నాకే ముచ్చటేసింది. కోడలి పేరు కూడా అదేనన్న సంగతి ఆవిడకు ఆ క్షణంలో గుర్తులేదు. మరి గంట కిందటే దాన్ని మార్చేశారు కదా. పీట మీద కూర్చున్న కొత్తకోడలు తలెత్తి నన్ను చూసింది. పెదవి కదిలింది. మళ్లీ తల దించేసుకుంది. అంత సంబరంలో ఉన్న అత్తగారితో "అది మీకు కాదండీ" అని ఏ కోడలు అంటుంది?

అలా నేను అత్తగారి బిందెనయ్యాను. మనుషుల లెక్క విచిత్రంగా ఉంటుంది. పేరు అత్తగారిది, బరువు కోడలిది. తెల్లారగానే నన్ను చంకన పెట్టుకుని కాలువకి వెళ్లేది లక్ష్మి. బూడిదా చింతపండూ వేసి నన్ను తోమేది లక్ష్మి. నా అడుగున గీతల్లో పట్టిన నలుపుని పుల్లతో గీకి గీకి తీసేది. చూసేవాళ్లు "పిల్లకి ఎంత శుభ్రమో!" అనుకునేవారు.

రేవులో ఎవరూ లేని రోజున ఆవిడ ఒక పని చేసేది. నన్ను ముంచే ముందు నా మూతి దగ్గరికి వంగి మెల్లగా "మంగతాయారూ" అనేది. నేను ఖాళీగా ఉన్నాను కదా, నా పొట్టలో ఆ పేరు తిరిగి తిరిగి "ఊఁ" అని బయటికొచ్చేది. ఆవిడ నవ్వుకుని నన్ను నీళ్లలో ముంచేది. నాకు తెలిసినంతవరకు ఆ ఊళ్లో ఆ పేరుతో ఆవిడను పిలిచింది ఆవిడే, పలికింది నేనే.

అత్తగారు చెడ్డావిడేం కాదు. కోడలికి టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుని ఇరవై రోజులు జావ తాగించారు. ఊళ్లో పిల్లలు చదువుకోవాలని తన పుట్టింటివాళ్లిచ్చిన స్థలం నేను ఆ ఇంటికి రాకముందే గ్రంథాలయానికి రాసిచ్చారు. అందుకే ఆవిడ పోయాక కూడా గ్రంథాలయం గోడ మీద ఆవిడ ఫొటో ఉంది. ఇంట్లో ఫొటోకి రోజూ పూలు పెట్టేది లక్ష్మే.

తర్వాత వీధి కుళాయి వచ్చింది, ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. ఎర్రవి, పచ్చవి, ఊదితే ఎగిరిపోయేవి. నేను అటకెక్కాను. అక్కడ విరిగిన ఉయ్యాల బల్ల ఒకటి, నేను ఒకటి. లక్ష్మి లక్ష్మమ్మ అయింది. రేషన్ కార్డులో కూడా లక్ష్మమ్మే. ఆవిడ కొడుక్కి పెళ్లయి సత్యవేణి కోడలిగా వచ్చింది. సత్యవేణి గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. కానీ అటక మీదికి తొంగిచూసే తీరిక ఆమెకు ముప్పై రెండేళ్లపాటు దొరకలేదు.

మొన్న మాఘమాసంలో గ్రంథాలయానికి డెబ్బై అయిదేళ్లు నిండాయి. తెలుగు మేష్టారుగా పనిచేసి రిటైరైన కూర్మారావు గారు 'మన ఊరి పాతసామాన్ల పండుగ' చేద్దామన్నారు. ప్రతి ఇంటి నుంచీ పాత వస్తువు ఒకటి తేవాలి, దాని కథ చెప్పాలి. ఊరి చరిత్ర ఆయన ఒక పెద్ద పుస్తకంలో రాస్తున్నారు. వరదలు, దాతలు, ప్రెసిడెంట్లు అన్నీ అందులో ఉన్నాయి.

సత్యవేణి నన్ను దించి, పైపైన ఇత్తడి పొడి పెట్టి తళతళలాడించింది. అడుగు జోలికి వెళ్లలేదు. కనబడేది తోమితే చాలు కదా.

గ్రంథాలయం ముందు షామియానా. బల్లల మీద ఊరి పాతదనమంతా పరిచి ఉంది. కావడి బద్దలు, గంధం సాన, ఎవరూ చదవలేని తాటాకుల కట్ట, నలుగురు మోసుకొచ్చిన రుబ్బురోలు. ఎవరి వస్తువు ఎక్కువ పాతదన్న దాని మీద పొద్దున్నే రెండు తగాదాలయ్యాయి. సూరపరాజు గారు తెచ్చిన గోడ గడియారం ఇంగ్లీషువాళ్ల కాలంనాటిదని ఆయన బల్లగుద్ది చెబుతుంటే, ఎవరో దాన్ని వెనక్కి తిప్పారు.

"మరి బ్యాటరీ పెట్టే చోటేంటండీ ఇక్కడ?"

"తర్వాత పెట్టించాం" అన్నారాయన, ఏమాత్రం తొణక్కుండా.

మేష్టారు పాత శుభలేఖల వెనకవైపు అందమైన రాతతో చీటీలు రాసి ఒక్కో వస్తువు ముందు నిలబెట్టారు. నా ముందు చీటీ మీద ఇలా ఉంది: 'గ్రంథాలయ స్థలదాత కీర్తిశేషులు మంగతాయారు గారు వాడిన బిందె.' నన్ను మధ్య బల్ల మీద, ఆవిడ ఫొటో పక్కన పెట్టారు. నాకు దండ కూడా వేశారు. బతికుండగా దండ వేయించుకున్న బిందెను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పదకొండు గంటలకి లక్ష్మమ్మ గారిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎనభై ఆరేళ్ల మనిషి. నన్ను చూసింది. అప్పుడు పీట మీద నుంచి చూసిన చూపే. ఏమీ మారలేదు, చుట్టూ ముడతలు తప్ప.

మేష్టారు మైకందుకున్నారు. "మన ఊళ్లో అందరికంటే పెద్దావిడ లక్ష్మమ్మ గారు. పిన్నిగారూ, మీకు శాలువా కప్పే ముందు, మీ అత్తగారి బిందె గురించి రెండు ముక్కలు చెప్పాలి."

మైకు ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ ఏమీ అనకుండా ఊరుకుంటే నేను ఎప్పటికీ ఆ చీటీ వెనకే ఉండిపోతాను. ఆవిడ పేరు కూడా నాతోపాటే ఉండిపోతుంది. ఇక దాన్ని చదివేవాళ్లందరూ వేరే మనిషి పేరుగా చదువుతారు. నేను నీళ్లు లేకపోయినా బరువెక్కాను.

"మా అత్తగారు మంచి మనిషి" అంది ఆవిడ. "ఈ స్థలం ఆవిడిచ్చిందే. ఇందులో అనుమానం లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ ఆగింది. చప్పట్లు అయిపోయేదాకా ఆగింది.

"బిందె మాత్రం నాది."

సత్యవేణి గబుక్కున లేచింది. "అత్తయ్యా, దాని మీద పెద్దత్తయ్యగారి పేరుందండి."

"నా పేరే ఉంది."

షామియానా కింద గుసగుసలు. "పెద్దవయసు కదండీ పాపం" అని ఎవరో అన్నారు. మేష్టారు దగ్గరికొచ్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పారు. "మంగతాయారు అని ఉంది పిన్నిగారూ."

"నాకు చదవడం వచ్చు అబ్బాయ్. మూడో తరగతి చదివాను. దాన్ని బోర్లించు. అడుగున అష్టాచెమ్మా ఉంటుంది. అయిదు గళ్లు ఇటు, అయిదు గళ్లు అటు. నడిమి గడిలో చింతగింజంత చుక్క."

దండ తీసి నన్ను బోర్లించారు. నా అడుగు కుంపట్లో పడేసినట్టు నల్లగా ఉంది. ఏమీ కనబడలేదు. గుసగుసలు ఇంకొంచెం పెరిగాయి.

లక్ష్మమ్మ వంటలవైపు చూసింది. "పులిహోర చేసినచోట చింతపండు పిప్పి ఉంటుంది. పట్రండి."

తెచ్చారు. శాలువా కుర్చీ మీద పడేసి, ఆవిడ కింద కూర్చుంది. నన్ను ఒళ్లో పెట్టుకుని తోమడం మొదలుపెట్టింది. ఎన్నేళ్లయింది ఆ చేతి కింద పడి! ఎక్కడ గట్టిగా రుద్దాలో, ఎక్కడ గోటితో గీకాలో ఆ చెయ్యి మర్చిపోలేదు. ముందు ఒక గీత తేలింది. తర్వాత దాని పక్కన ఇంకోటి. వరసల్లో కూర్చున్నవాళ్లు లేచి ముందుకొచ్చేశారు. చివరికి నడిమి గడిలో ఆ చుక్క మెరిసింది.

"మా చెల్లెలు బుల్లెమ్మాయి గీసింది" అంది. "ఇప్పుడది లేదు."

మేష్టారు ఆవిడ దగ్గరికి వంగారు.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం పిన్నిగారూ?"

"ఎవరడిగేరు?"

సత్యవేణికి కళ్ల నీళ్లొచ్చేశాయి. కోపం కూడా వచ్చింది. "ముప్పై రెండేళ్ల నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం. నాకైనా చెప్పలేదా అత్తయ్యా?"

"నువ్వు అడుగు తోమేవా ఎప్పుడన్నా? తోమినదానికే తెలుస్తుందే అది" అంది ఆవిడ, చింతపండు చేత్తోనే కోడలి చెంప తడిమి.

మేష్టారు నా చీటీ తీసేసి ఇంకో శుభలేఖ వెనక్కి తిప్పారు. 'కోడలు మంగతాయారు గారి' అని రాయబోతుంటే ఆవిడ ఆపింది.

"కోడలు వద్దు. మా పుట్టినూరు పెట్టు. మల్లవరపులంక అని రాయి."

రాశారు. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని ఒక్కొక్క అక్షరమే చదువుకుంది. నా మీద చుక్కలు చెక్కిన రోజున కూడా ఎవరూ అంత నిదానంగా చదవలేదు.

అప్పుడు వెనక నుంచి సూరపరాజు గారి భార్య గొంతు సవరించుకుంది. "మేష్టారూ, నా అసలు పేరు సుభద్రండీ. మా ఆడపడుచుకి ఆ పేరే ఉందని ఈయన వాళ్లు మార్చేశారు." సూరపరాజు గారు భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఇంకో ఇద్దరు లేచారు. ఊరి చరిత్ర పుస్తకంలో మేష్టారు ఒక కొత్త పేజీ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పులిహోర చల్లారిపోయింది.

పండుగ అయ్యాక నన్ను గ్రంథాలయంలోనే అద్దాల బీరువాలో పెడదామన్నారు. ఊరి ఆస్తి కదా అన్నారు.

"నా బిందె. ఇంటికి తీసుకెళతాను" అంది మంగతాయారు.

సత్యవేణి నన్ను చంకన పెట్టుకుంది. ఆమెకు అలవాటు లేదు. దారి పొడుగునా నేను జారిపోతుంటే ఎగదోసుకుంటూ నడిచింది. రెండో చెయ్యి మంగతాయారు పట్టుకుంది. నన్ను తీసుకొచ్చి వసారాలో పెట్టి, సత్యవేణి టీ పెట్టడానికి లోపలికెళ్లింది.

సాయంకాలపు ఎండ ఏటవాలుగా నా మీద పడుతోంది. ఆవిడ మంచం మీద నుంచి వంగింది. నా మూతి దగ్గరికి ముఖం తెచ్చి పిలిచింది. కాలువ రేవులో లాగా మెల్లగా కాదు, పైకే పిలిచింది.

"మంగతాయారూ!"

నేను పలికాను. డెబ్బై ఏళ్ల కిందటి గొంతుతోనే పలికాను.

వంటింట్లోంచి సత్యవేణి కేకేసింది. "పిలిచారా అత్తయ్యా?"

"నిన్ను కాదే" అంది ఆవిడ. "నన్ను."