గెర్‌బ్రాండ్ నల్ల గొడుగు

కాఫీ పది గంటలకన్నారు. గెర్‌బ్రాండ్ తొమ్మిదింపావుకే కారు తెచ్చి కూతురి తోట గేటు ముందు ఆపాడు. ఆ ఊళ్ళో చెప్పిన వేళకన్నా ముందు రావడం ఆలస్యంగా రావడంకంటే పెద్ద తప్పు. డెబ్భై రెండేళ్ళు అక్కడే బతికినవాడికి ఆ సంగతి తెలియక కాదు. తెల్లవారుజాము నుంచీ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగీ తిరిగీ, ఇక ఉండబట్టలేక బయల్దేరాడు.

ఆఫ్కె ఈ తోట పెట్టి ఇది నాలుగో వసంతం. కరకట్టకి ఆనుకుని ఎకరానికి కాస్త ఎక్కువ నేల. ఏప్రిల్ వస్తే జనం సైకిళ్ళ మీద వచ్చి, తలో బకెట్టూ పట్టుకుని, నచ్చిన తులిప్ పూలు తామే కోసుకుపోతారు. ఊరు ఊరంతా చూసిన తోటని చూడనివాడు ఆమెని కన్న తండ్రి ఒక్కడే. పిలిస్తే కదా వెళ్ళడానికి! మొన్న ఆదివారం పిలిచింది, ఫోన్లో, మూడంటే మూడు ముక్కల్లో.

"బుధవారం రా నాన్నా. పదింటికి కాఫీ. గొడుగు మాత్రం తేవద్దు."

అది వానకి వేసుకునే గొడుగు కాదు. గెర్‌బ్రాండ్ నలభై నాలుగేళ్ళు తులిప్ పొలాల్లో రోగం వెతికే పని చేశాడు. పూత కాలమంతా వరుసల మధ్య నడుస్తూ, రోగం తగిలిన మొక్కని కనిపెట్టి, దుంపతో సహా పీకెయ్యాలి. ఒక్కదాన్ని వదిలేసినా పేనుబంక దాన్ని పొలమంతటికీ పంచిపెడుతుంది. ఆకు మీద రోగం గీసే లేత చార ఎండలో కంటికి ఆనదు. అందుకని ఎండకి వీపు పెట్టి, నల్ల గొడుగు తెరిచి, మొక్క మీద నీడ పడేట్టు వంగి చూస్తారు. ఆ పనిలో గెర్‌బ్రాండ్‌ని మించినవాడు చుట్టుపక్కల లేడు. ఊళ్ళో అతన్ని డాక్టరూ అనే పిలిచేవారు. ఒక్క రోగినీ బతకనివ్వని డాక్టరు అన్నమాట.

ఎనిమిదేళ్ళ కిందట ఆ డాక్టరు సొంత ఇంటి వెనకే వైద్యం చేశాడు. ఆఫ్కె తన చేత్తో రెండు రకాలు కలిపి, విత్తనం నుంచి పెంచి, ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని పూయించిన మడి ఒకటి అక్కడ ఉండేది. పూత పట్టిన రెండో వసంతంలో దానికి రోగం తగిలింది. ఆమె పట్నం వెళ్ళిన రోజు చూసి, సాయంత్రానికల్లా మడంతా తవ్వి పారేశాడు. రోగం నిజమే, ఆమె కూడా కాదనలేదు. "నన్నొక్క మాట అడగొచ్చుగా" అంది, అంతే. "రోగానికి అడిగేదేంటే?" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఎనిమిదేళ్ళు ఒంటరిగా భోంచేశాడు. ఇవాళ మళ్ళీ ఏదైనా పాడుచేస్తే ఇంకోసారి పిలుపు రాదని అతనికి బాగా తెలుసు.

కాబట్టి గొడుగు చేతిలోకి తీసుకోలేదు. అలాగని ఇంట్లోనూ వదల్లేకపోయాడు. కారు వెనక డిక్కీలో పడుకోబెట్టాడు.

గేటు దగ్గర బకెట్లు కడుగుతున్న పొరుగావిడ ఫ్రౌక్యె అతన్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అప్పుడే దిగబడ్డావా డాక్టరూ? ఇంకా కాఫీ నీళ్ళు కూడా పెట్టలేదు."

"దారి ఖాళీగా ఉంది."

"నీ రెండు కిలోమీటర్ల దారికి ఎవరు అడ్డొస్తారనుకున్నావు, ఆవులా?"

పాక లోంచి ఆఫ్కె బయటికొచ్చింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది.

"తొందరగా వచ్చేశావే" అంది.

"ఊఁ."

"గొడుగు?"

"నా చేతిలో ఏమైనా కనిపిస్తోందా?"

ఆమె నవ్వాపుకుంది. "సరే, పదిదాకా తిరిగి చూడు. చేతులు జేబుల్లో పెట్టుకో. కాఫీ అయ్యాక నీకొకటి చూపించాలి."

చూపించేదేదో అప్పుడే చూపిస్తే ఈ కథే లేదు. కానీ ఆ ఊళ్ళో అప్పుడే పుట్టిన పసిబిడ్డనైనా కాఫీ తాగకుండా ఎవరూ ఎవరికీ చూపించరు.

జేబుల్లో చేతులు కుక్కుకుని నడిచాడు. పసుపుపచ్చ వరుస దాటాడు, తెల్ల వరుస దాటాడు. ఆ రెండు రంగులంటే అతనికి మొదటినుంచీ నమ్మకం లేదు. వాటి పూరేకులు రోగాన్ని బయటపెట్టవు, ఆకుల్నే అడగాలి. ఆకాశం చూద్దామనుకుని ఆకులే చూశాడు. ఎండకి వీపు తిప్పకూడదనుకుంటూనే తిప్పాడు. ఎవరో ఆడవాళ్ళు పూలు కోస్తూ కిలకిలా నవ్వుతుంటే వాళ్ళ మీద కూడా కోపమొచ్చింది. ఇంత అందం మధ్య మనిషికి ఇంత చిరాకేమిటని తనమీద తనకే విసుగు పుట్టింది. వాచీ చూసుకున్నాడు. తొమ్మిదిన్నర.

కాలువ వైపు చివర, వరుసలకి దూరంగా, ఒంటరిగా ఒక పువ్వు కనిపించింది. తెల్లటి రేకులు, వాటి మీద అడుగునుంచి పైకి పాకిన ఎర్రటి చారలు. రోగం రేకుల మీద కూడా ఇలాంటి చారలే గీస్తుంది, అందుకే చారల పువ్వంటే ఆ పనివాళ్ళకి ప్రమాదఘంటికే. అది చాలదన్నట్టు పక్కనే నేలలో ఒక వెదురుపుల్ల గుచ్చి ఉంది. అనుమానం వచ్చిన మొక్క పక్కన పుల్ల గుచ్చి పోవడం, వెనకొచ్చినవాడు ఆ మొక్కని పీకడం, ఇది అతని నలభై నాలుగేళ్ళ అలవాటు. ఆఫ్కెకి నేర్పిందీ అతనే.

ఓహో, అనుకున్నాడు. అమ్మాయికి తెలిసింది. పీకడానికి మనసొప్పక ఆగింది.

వంగి ఆకు చూశాడు. ఎండ కళ్ళలో కొడుతోంది, ఎడమకంటికి ఈమధ్య పొర కూడా కమ్ముతోంది. చార ఉన్నట్టే తోచింది. అతని చేతులు అప్పటికే జేబుల్లో లేవు. అడగాలా? మళ్ళీ ఆ పాత గొడవ ఎత్తుకున్నట్టవుతుందేమో. ఆమె చెయ్యలేని పని చడీచప్పుడు లేకుండా చేసిపెడితే ఆమెకి నొప్పుండదు, తనకి పేరూ అక్కర్లేదు. అటూ ఇటూ చూసి, చేతివేళ్ళు మన్నులోకి దింపి, దుంప తెగకుండా ఒక్క లాగు లాగాడు. కోటు లోపలి జేబులో దాచి, మన్ను సర్దాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కూతురికి ఒక మేలు చేశానని సంతోషపడ్డాడు కూడా, పాపం.

పదింటికి పాకలో కాఫీ. ఆఫ్కె డబ్బా తెరిచి చెరొక బిస్కెట్టు ఇచ్చి మూత పెట్టేసింది. గెర్‌బ్రాండ్ ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. జేబులో చల్లటి దుంప పక్కటెముకలకి గుచ్చుకుంటోంది. ఆఫ్కె మాత్రం చిన్నప్పటిలా కుర్చీలో ఒకచోట నిలవడంలేదు.

"నాన్నా, నువ్వు తవ్వేసిన మడి లేదూ," అంది.

"ఇప్పుడదెందుకే?"

"తిట్టడానికి కాదులే, విను. అంతకుముందు ఎండాకాలం దాని విత్తనాలు కొన్ని దాచాను. మొక్కకి రోగమొచ్చినా విత్తనానికి రాదని నువ్వేగా చెప్పావు. అవి మొదట కుండీల్లో వేసి ఏడేళ్ళయింది, తోట పెట్టాక ఇక్కడికి మార్చాను. అన్నీ పోయి ఒక్కటి బతికింది. మొన్న శనివారం పూసింది నాన్నా! మొట్టమొదటి పువ్వు. నువ్వు చూడాలనే పిలిచాను. కాలువ పక్కన, ఆ చివర. ఎవరూ తెలియక కొయ్యకుండా పుల్ల కూడా గుచ్చాను."

గెర్‌బ్రాండ్ కప్పు కింద పెట్టబోయాడు. అది సాసరు అంచుకి తగిలి కాఫీ ఒలికింది. ఆఫ్కె చూపు అతని గోళ్ళ మీద పడింది. గోళ్ళ నిండా నల్లటి మన్ను.

"నాన్నా," అంది.

అతను జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. పువ్వు నలిగి ఒక పక్కకి వాలింది. పాక నీడలో ఆకు మీద ఒక్క చార లేదు, కొస నుంచి మొదలు దాకా ఒకే పచ్చ.

ఆఫ్కె ఏడవలేదు, అరవలేదు. వేలితో ఒక్కొక్క రేకూ విప్పి చూపించింది. "ఆరు రేకులు. ఆరింటి మీదా ఒకేలా ఉందా లేదా? రోగం గీసిన గీత రెండు రేకుల మీద ఒకేలా ఉండదని నాకెవరు చెప్పారు?"

"నేనే."

"మరి?"

"పుల్ల చూసి... నువ్వు పీకలేక వదిలావనుకున్నా."

"అడగొచ్చుగా!"

అదే మాట. ఆ పువ్వుని మించి వాడిపోయింది అతని ముఖం. చివరికి, "తప్పు నాదే ఆఫ్కె," అన్నాడు. ఆ మాట అతని నోట ఆమె పుట్టాక వినలేదు.

ఆమె దుంపని తిప్పి చూసింది. వేళ్ళు కొన్ని తెగాయి, దుంప గట్టిగానే ఉంది. "బతుకుతుందా?"

"ఇప్పుడే నాటితే బతుకుతుంది. కానీ పువ్వు తుంచెయ్యాలి. లేకపోతే ఉన్న బలమంతా పువ్వే లాగేస్తుంది." అలవాటుగా చెయ్యి ముందుకు పోయింది. మధ్యలో ఆపుకున్నాడు. "తుంచమంటావా?"

ఆఫ్కె తలెత్తి చూసింది. అతను అలా అడగడం కూడా ఆమె పుట్టాక అదే మొదలు.

"వద్దు. ఏడేళ్ళు చూశాను దీనికోసం. ఇవాళొక్కరోజు కళ్ళారా చూసుకోనీ."

ఇద్దరూ కలిసి నాటారు. అతను గొయ్యి తీశాడు, ఆమె నిలబెట్టి నీళ్ళు పోసింది. అదే వెదురుపుల్లకి కాడని దారంతో కట్టింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. రేకులు మళ్ళీ వేలాడసాగాయి.

ఆఫ్కె లేచి గేటు వైపు నడిచింది. ఇక పొమ్మంటుందని గెర్‌బ్రాండ్ చేతులు దులుపుకుని కారు తాళాలు వెతుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో నల్ల గొడుగు ఉంది.

"డిక్కీకి తాళం వేసే అలవాటు నీకెప్పుడూ లేదు," అంది. "తెస్తావని నాకు తెలుసు. పట్టుకో. ఎండ దిగేదాకా దీనిమీద నీడ పోకూడదు. రేపు పొద్దున వచ్చి అడుగు, అప్పుడు తుంచుదువుగానీ."

"రేపెన్నింటికి?"

"పదింటికి. తొమ్మిదింపావుకి కాదు."

ఎండకి వీపు పెట్టి, గొడుగు తెరిచి, గెర్‌బ్రాండ్ ఆ మొక్క మీదికి వంగి నిలబడ్డాడు. నలభై నాలుగేళ్ళు నిలబడ్డట్టే. కాకపోతే ఏ మొక్క ముందూ నిమిషానికి మించి ఆగి ఎరగడు. కాళ్ళు ముందుకి పోదామని పీకుతూనే ఉన్నాయి. భుజం లాగేసింది, ముక్కు దురద పెట్టింది. కదిలితే నీడ కదులుతుందని కదల్లేదు. మధ్యాహ్నం ఫ్రౌక్యె ఒక రొట్టెముక్క తెచ్చి నోటికందించింది. నవ్వబోయి, అతని కళ్ళు చూసి, నవ్వకుండానే వెళ్ళిపోయింది.

నాలుగింటప్పుడు బకెట్టు నిండా పూలతో పోతున్న ఒక పట్నం ఆవిడ ఆ గొడుగు చూసి ఆగింది. ఆవిడకి ఈ పని సంగతి కాస్త తెలిసినట్టుంది.

"అయ్యో, దానికి రోగమొచ్చిందా పెద్దాయనా?"

"లేదమ్మా," అన్నాడు గెర్‌బ్రాండ్, గొడుగు చెయ్యి మార్చుకుంటూ. "ఇది బాగానే ఉంది."