కాయితం మీదే కదా

"నువ్వు కూర్చో, టీ నేను పెడతాను" అన్నాడు భర్త.

మిషను పెడలు మీద ఆమె కాలు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఈ మాట వినడం ఇదే మొదటిసారి. తప్పుగా విన్నానేమోనని తల తిప్పి చూస్తే, వంటింట్లో నిజంగానే గిన్నెల చప్పుడు. "చక్కెర ఎక్కడ ఏడ్చిందీ?" అని కేక. ఇన్నేళ్ళుగా తాగుతున్న టీలో చక్కెర ఏ డబ్బాలోంచి వచ్చి పడుతోందో తెలియని మనిషి ఇవాళ పొయ్యి వెలిగించాడంటే ఏదో ఉంది. ఊరికే ఇంత ప్రేమ పుట్టుకురాదు. పైగా గుమ్మంలో కూర్చున్న అత్తగారు కూడా, "పాపం, పొద్దున్నుంచీ వంగి కుడుతూనే ఉంది, నడుం పట్టేసి ఉంటుంది" అంది. ఆమెకి ఒక నడుం ఉందన్న సంగతి ఆవిడకి నిన్నటిదాకా గుర్తులేదు. మంచిమాట వింటే భయపడే స్థితికి వచ్చానేమిటా అని తనమీద తనకే చిరాకు కూడా వేసింది.

ఇంటి ముందుగదే వాళ్ళ దుకాణం. ఒక కత్తిరింపు బల్ల, గోడనిండా బడిపిల్లల యూనిఫాంలు, మూడు మిషన్లు. ఒకటి కుట్టుకి, ఒకటి అంచులకి, ఒకటి కాజాలకి. మూడింటి మీదా కుట్టేది ఆమె ఒక్కతే. భర్త మెడలో టేపు వేసుకుని బల్ల దగ్గర కూర్చుంటాడు. బాబిన్‌కి దారం చుట్టమంటే చెమటలు పడతాయి గానీ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పడం, డబ్బు తీసుకుని జేబులో వేసుకోవడం మాత్రం మహా బాగా వచ్చు. వీధంతా ఆయన్ని టైలర్ గారు అంటుంది. ఆమె టైలర్ గారి భార్య. కుట్టు బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, "మా ఆవిడ కూడా కాస్త చేతిసాయం చేస్తుందిలెండి" అంటాడు. ఆ చేతిసాయం తెల్లారి ఆరింటికి మొదలై, మధ్యలో రెండు పూటల వంటా, గిన్నెలూ, ఉతుకుడూ కలుపుకుని, వీధి దీపాలు వెలిగాక కూడా సాగుతుంది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత కోపం తెచ్చుకోవడానికి తీరిక లేకపోయింది.

టీ వచ్చింది. చక్కెర ఎక్కువైంది. అయినా తాగేసింది. ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బుజ్జి చదువు గురించి ఆలోచించాను" అన్నాడు.

బుజ్జి వాళ్ళ కూతురు. ఫార్మసీ కాలేజీలో సీటు వచ్చింది. నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ ఉత్తరం వచ్చిన రోజు పిల్ల ఎగిరి గంతేసింది. తండ్రి చదివి, మడిచి, "మనకంత తాహతు లేదమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు. మరిది టాక్సీ మరమ్మతుకి మాత్రం కిందటి నెలలోనే తాహతు దొరికింది. అప్పట్నుంచీ పిల్ల ఆ ఉత్తరం ఊసెత్తలేదు. చొక్కాలకి గుండీలు కుట్టడానికి వచ్చి పక్కన కూర్చుంటోంది. అడగకుండానే కూర్చోవడం చూస్తే ఆమెకి, నేనూ ఇలాగే, ఎవరూ అడక్కుండానే కదూ ఈ మిషను ముందు కూర్చున్నాను అనిపించేది.

"తమ్ముడి టాక్సీ ఎక్కిన ఒకాయన చెప్పాడట" అని భర్త మొదలుపెట్టాడు. "ఒక ట్రస్టు ఉంది. మొగుడు వదిలేసి, సొంత కష్టం మీద బతికే ఆడవాళ్ళ కూతుళ్ళకి నాలుగేళ్ళ ఫీజూ వాళ్ళే కడతారు. అందుకని ఏం చేద్దామంటే, నేనూ అమ్మా పదిహేను రోజులు తమ్ముడింట్లో ఉంటాం. నేను నిన్ను వదిలేశానని నువ్వు రాసిస్తావు. ట్రస్టు నుంచి ఎవరో ఆవిడ వచ్చి చూసి వెళుతుంది. అది కాస్తా అయిపోయాక మేం ఎప్పట్లాగే వచ్చేస్తాం. కాయితం మీదే కదా!"

వంటింటి గుమ్మం దగ్గర బుజ్జి నిలబడి ఉంది. పిల్ల కళ్ళలో ఆ ఆశ చూశాక ఆమె సరేనంది. కానీ మనసు మాత్రం ఒప్పుకోలేదు. కూతురి చదువు కోసం పట్టుమని పది రూపాయలు తియ్యని మనిషి ఇల్లే వదిలి వెళతానంటాడేమిటి? వేడినీళ్ళు బకెట్లో పోసి, తువ్వాలు పక్కన పెడితే గానీ స్నానానికి లేవని మనిషి, తమ్ముడి భార్య చేతికింద పదిహేను రోజులు ఎలా ఉంటాడు? ఎక్కడో ఏదో మెలిక ఉంది.

మర్నాడు కాయితాలు వచ్చాయి. మూడు. కింద సంతకం పెట్టే చోటు మాత్రం కనిపించేలా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కలం కూడా తనే తెరిచి అందించాడు. ఏ కాయితమైనా ఆమె చదవకుండానే సంతకం పెడుతుందని ఆయన నమ్మకం. ఇంతకాలం నిజంగా పెట్టింది కూడా. కానీ గుడ్డ ఏది చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూడటం ఆమె చేతులకి అలవాటు. పైకి అందరి కుట్టూ బాగానే ఉంటుంది, పనితనం తెలిసేది లోపలివైపే. అలాగే ఆ మూడు కాయితాలనీ మడత విప్పి తిరగేసింది.

మొదటిది ట్రస్టు ఫారం. రెండోది, ఆమె కూతురితో ఒక్కతే అద్దెకుంటోందని ఇంటి ఓనరు రాసిన చీటీ. మూడోదాంట్లో, తన పేరు మీద ఉన్న మూడు కుట్టుమిషన్లనీ ఇష్టపూర్వకంగా మరిదికి ఇచ్చేస్తున్నానని ఉంది.

ఆడవాళ్ళ పేరైతే వడ్డీ తక్కువని మిషన్ల అప్పు ఆమె పేరున తీసుకున్నది ఆయనే. అది తీర్చింది మాత్రం ఆమె నడుం.

"ఇదెందుకండీ?" అంది.

"పిచ్చిదానా! ఆస్తి ఉందని తెలిస్తే వాళ్ళు ఫీజు ఇస్తారా? తమ్ముడి పేరు మీద ఉంటాయి, అంతే. ఎక్కడికి పోతాయి? కాయితం మీదే కదా!"

"చెయ్యి ఖాళీ లేదు. ఇది తర్వాత పెడతాలెండి" అని, మొదటి రెండింటి మీదా సంతకం పెట్టి ఇచ్చింది. మూడో కాయితాన్ని బల్ల మీది గుడ్డల కింద పెట్టింది. సంతకం పెట్టిన ఫారం కూడా అబద్ధమే కదా అనిపించింది. పిల్ల మొహం గుర్తుచేసుకుని ఊరుకుంది.

శనివారం వాళ్ళు వెళ్ళిపోయారు. అత్తగారు టాక్సీ ఎక్కుతూ, "అమ్మాయ్, వాడు టీ చల్లారితే తాగడు, అక్కడ మీ తోటికోడలికి ఏం తెలుస్తుందో ఏమో" అని బెంగ పెట్టుకుంది. బెంగంతా కొడుకు టీ మీదే.

అసలు తమాషా తర్వాత మొదలైంది. వీధిలో నలుగురూ నమ్మాలి కదా అని ఆయన పోతూపోతూ ప్రతి అరుగు దగ్గరా ఆగి, "ఆవిడతో వేగలేక వదిలేశాను" అని చెప్పి వెళ్ళాడు. అంత వివరంగా చెప్పమని ఏ ట్రస్టూ అడగలేదు. మధ్యాహ్నానికల్లా ఎదురింటావిడ వచ్చి, స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి, "ఏం చేశావమ్మా?" అంది. ఆయన ఏం చేశాడని అడగలేదు. సాయంత్రం పక్కింటావిడ, "కాస్త సర్దుకుపోవలసింది" అంది. ఉత్తుత్తి వదిలేయడంలో కూడా తప్పు తనదే అయ్యేసరికి ఆమెకి ఏడుపు రావలసింది పోయి నవ్వొచ్చింది. ఇంకెలా సర్దుకోవాలమ్మా, విప్పి వదులు చెయ్యడానికి ఇంకా లోపల గుడ్డ ఎక్కడ మిగిలిందీ అనుకుంది. పైకి మాత్రం, "మీ అమ్మాయి గౌను గురువారం ఇస్తాను" అంది.

రెండు రోజులకి ఇల్లు కొత్తగా అనిపించసాగింది. వంట ఒక్కసారి చేస్తే రెండు పూటలకీ సరిపోతోంది. యూనిఫాంలు తీసుకెళ్ళేవాళ్ళు బల్ల దగ్గర ఎవరూ లేక డబ్బు తిన్నగా ఆమె చేతిలోనే పెడుతున్నారు. మొదటిసారి ఆ నోట్లు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది. అన్నం వేడిగా ఉన్నప్పుడే కూర్చుని తిన్నది. తిన్నాక అనుమానం వేసింది, ఆయనమీద కాదు, తనమీదే. ఇంత హాయిగా ఉందేమిటి నాకు? ఇది తప్పు కాదూ? మొగుడు లేని ఇంట్లో ఆడదానికి నిద్ర పట్టదంటారే, నాకు పడుకుంటే ఒళ్ళు తెలియడం లేదేమిటి? ఆ సంతోషాన్ని కూడా అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా పోగు ఊడలేదు.

భర్త రోజూ ఫోన్ చేస్తున్నాడు. పిల్ల ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. "ఆ మూడోది పెట్టావా? త్వరగా కానియ్, తమ్ముడు బేరం కుదుర్చుకున్నాడు, కొనేవాడు ఆగడు..." అని, నాలుక కరుచుకుని, "అదే, అదే, బీమా సంగతి" అన్నాడు.

"అలాగేలెండి" అని ఫోన్ పెట్టేసింది. మరిది రెండో టాక్సీ కొనాలని ఎప్పట్నుంచో తిరుగుతున్నాడు. దానికి తన మిషన్లు. టీ ఎందుకు పెట్టాడో ఇప్పుడు పూర్తిగా తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. వెంటనే, ట్రస్టు ఫారం మీద చూసి రాసిపెట్టుకున్న నంబరుకి తనే ఫోన్ చేసింది. కుట్టుమిషన్లుంటే ఫీజు ఇవ్వరా మేడమ్ అని అడిగింది. అవతలి గొంతు నవ్వి, "అదేమిటమ్మా, ఉంటే మంచిదే. బతుకుతెరువు ఉందనేగా మేం చూసేది" అంది.

వాళ్ళు వెళ్ళిన రెండో వారం, బుధవారం నాడు ఆ ట్రస్టావిడే వచ్చింది. నడివయసు మనిషి, చంకలో ఫైలు. కూర్చోమంటే కూర్చోకుండా ఇల్లంతా తిరిగింది. స్నానాలగదిలోకి తొంగిచూసింది. అక్కడ అద్దం ముందు ఆయన గడ్డం గీసుకునే బ్రష్షు ఉండిపోయింది, కడగనైనా కడగకుండా, సబ్బు ఎండిపోయి. గుమ్మం పక్కన మగ చెప్పులు. వెళ్ళేటప్పుడు మూట కట్టింది అత్తగారు, ఆ ముసలి కళ్ళకి అవి ఆనలేదు. తియ్యాలని ఈమెకి తోచనే లేదు. బుజ్జి మొహం పాలిపోయింది.

ఆవిడ వచ్చి బల్ల ముందు కూర్చుంది.

"చూడమ్మా, నేను పది ఇళ్ళకి వెళితే నాలుగిళ్ళలో నాటకాలే. మొగుడు సందు చివర టీ తాగుతూ ఉంటాడు. నిజం చెప్పు. మీ ఆయన నిన్ను వదిలేశాడా?"

ఔననడం ఎంతసేపు? చెప్పులు మా అన్నయ్యవంటే సరిపోతుంది. నాలుగేళ్ళ ఫీజు ఆ ఒక్క అబద్ధం అవతలే ఉంది. కానీ ఆ అబద్ధం ఆడితే ఎదురుచూడవలసింది కూడా ఆ మనిషి తిరిగి రావడం కోసమే కదా. వచ్చి మెడలో టేపు వేసుకుని కూర్చుంటాడు. పిల్ల ఫీజు నా పుణ్యమేనంటాడు.

"లేదు మేడమ్" అంది. "ఈ ఫీజు కోసమే వెళ్ళాడు. వచ్చే శనివారం వస్తానన్నాడు."

"అమ్మా!" అంది బుజ్జి.

ఆవిడ ఫైలు మూయబోయింది.

"ఉండండి. వస్తాడు, కానీ నేను తలుపు తియ్యను. మిషన్లు నావి, పని నాది, ఇంటి అద్దె కూడా ఈ నెల నా చేత్తోనే కట్టాను. మీరు ఫీజు ఇచ్చినా అంతే, ఇవ్వకపోయినా అంతే. ఇవ్వకపోతే ఇంకో దారి చూసుకుంటాం, ఆ తలుపు మాత్రం తియ్యను."

గుడ్డల కిందనుంచి మూడో కాయితం తీసి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ అది రెండుసార్లు చదివింది. ఫైలు మళ్ళీ తెరిచి, కలం తీసి, అంతలోనే ఆగింది.

"సొంత కష్టం మీద విడిగా బతుకుతోందా అన్నదే మా రూలు. శనివారం దాటాక మళ్ళీ వచ్చి చూస్తాను, ఇదే మాట మీదుంటే సంతకం చేస్తాను. కానీ మా ఫారంలో ఒకటే గడి ఉందమ్మా, 'భర్త వదిలేసిన స్త్రీ' అని."

"అది కొట్టేయండి మేడమ్" అంది ఆమె. "నేనే వదిలేశానని రాయండి."